పడకగదిలో డీజేయింగ్, ప్రొడక్షన్ రెండిటికీ ఏ స్పీకర్లు తీసుకోవాలి?

ముందు సూటిగా జవాబు: 5 అంగుళాల ఊఫర్ (బేస్ పలికించే పెద్ద కోన్) ఉన్న యాక్టివ్ స్టూడియో మానిటర్లు, అంటే యాంప్లిఫయర్ లోపలే ఉండి శబ్దాన్ని ఉన్నదున్నట్టు వినిపించే స్పీకర్లు, ఒక జత, వాటితోపాటు ఓ మంచి హెడ్‌ఫోన్. 8 అంగుళాల మానిటర్లు వద్దు, 12 అంగుళాల పీఏ స్పీకర్లు (సభల్లో, ఫంక్షన్లలో పెట్టేవి) వద్దు, ఇంట్లో ఉన్న హోమ్ థియేటర్ మీద ట్రాకులు చేయడం అసలే వద్దు. మీరు అడిగింది ఈ మూడిటి గురించే కాబట్టి ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. మీ గది 10 బై 11 అడుగులు, అందులోనే మంచం, టేబుల్, డీజే కంట్రోలర్. పగలు పాటలు కలిపే డీజే మిక్సింగ్ ప్రాక్టీసు, రాత్రిళ్లు ల్యాప్‌టాప్‌లో సొంత బీట్లు అన్నారు. నాదీ ఇంచుమించు అలాంటి గదే. ఈ రెండు పనులూ ఏళ్ల తరబడి అందులోనే చేస్తున్నాను.

డీజేయింగ్‌కి ఒక రకం స్పీకర్, ప్రొడక్షన్‌కి ఇంకో రకం కావాలని చాలామంది చెప్తారు. పెద్ద హాల్లో అది నిజమే. పడకగదిలో మాత్రం, ప్రొడక్షన్‌కి పనికొచ్చే స్పీకర్ మీద డీజేయింగ్ హాయిగా చేసుకోవచ్చు. రెండు పాటల కిక్ డ్రమ్ దెబ్బలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయా, ఒకటి జారుతోందా అన్నది నిజానికి మానిటర్‌లోనే ఇంకా బాగా తెలుస్తుంది. తిరగేసి, డీజే స్పీకర్ మీద ప్రొడక్షన్ చేద్దామంటే కుదరదు. పీఏ స్పీకర్ పుట్టిందే దూరంగా నిలబడ్డ జనానికి చేరడానికి. దాని ముందు మూడడుగుల దూరంలో కూర్చుంటే పై స్వరాలు పలికే హార్న్ నుంచి వచ్చే శబ్దం, ఊఫర్ నుంచి వచ్చే శబ్దం ఒకటిగా కలవవు, పైనుంచి ఒకటి కింది నుంచి ఒకటి వస్తున్నట్టు ఉంటుంది. గంటసేపు వింటే చెవులు అలిసిపోతాయి. పైగా దాన్ని మీరు ఎప్పుడూ వాల్యూమ్ అట్టడుగున పెట్టే వాడాల్సి వస్తుంది.

హోమ్ థియేటర్ సమస్య వేరు. అది మనల్ని సంతోషపెట్టడానికి చేసిన వస్తువు. బేస్ కాస్త పెంచి, పైన తళుకు కాస్త అద్ది ఇస్తుంది. స్పీకరే బేస్ కలుపుతుంటే మీ చెయ్యి ట్రాక్‌లో బేస్ తగ్గిస్తుంది. అదే పాట ఫ్రెండు కారులో పెడితే పీలగా వినిపిస్తుంది. సినిమా చూడటానికి దాన్ని అలాగే ఉంచుకోండి.

ఇక అసలు సంగతి 8 అంగుళాలు ఎందుకు వద్దన్నది. దీనికి జవాబు స్పీకర్‌లో లేదు, గదిలో ఉంది.

ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని బట్టి గది తనకంటూ ఒక శ్రుతి పట్టుకుంటుంది. లెక్క చిన్నదే: ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు, దాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగించాలి. మీ 11 అడుగులు అంటే 3.35 మీటర్లు, కాబట్టి 51 హెర్ట్జ్. 10 అడుగుల వైపు 56. డ్యాన్స్ మ్యూజిక్‌లో కిక్ బలమంతా ఉండేది సరిగ్గా ఆ చుట్టుపక్కలే. ఆ స్వరం గోడల దగ్గర ఉబ్బుతుంది, నడిమధ్యలో దాదాపు మాయమవుతుంది.

నమ్మకం కలగకపోతే, ఉన్న స్పీకర్ మీదే చూడండి. టోన్ జనరేటర్ యాప్ తెరిచి 51 హెర్ట్జ్ సైన్ టోన్ (ఒకే ఒక్క స్వరం) మెల్లగా పెట్టి, టేబుల్ దగ్గర నుంచి వెనక గోడ వరకు నడవండి. హోమ్ థియేటర్‌కి సబ్‌ఊఫర్ ఉంది కాబట్టి ఈ ఒక్క పనికి అది బాగా పనికొస్తుంది. గది నడుమకు వచ్చేసరికి ఎవరో ప్లగ్ పీకేసినట్టు శబ్దం పోతుంది, వెనక గోడకు వీపు ఆనించి నిలబడితే పొట్టలో గుయ్‌మంటుంది. నా గది పొడవు 10 అడుగులకు ఓ రెండంగుళాలు ఎక్కువ. అంటే 55 హెర్ట్జ్, అది అచ్చంగా బేస్‌లో ‘ఏ’ నోటు. బేస్‌లైన్ ‘జీ’ నుంచి ‘ఏ’కి, అక్కడి నుంచి ‘సీ’కి వెళ్తుంటే గది మధ్యలో కుర్చీ వేసుకున్నవాడికి నడిమి నోటు ఉందో లేదో తెలియదు. అదే క్షణాన వెనక గోడ పక్క మంచం మీద కూర్చున్నవాడు ‘ఇంత బేస్ ఎందుకు పెట్టావ్’ అంటాడు. ఇద్దరూ వింటున్నది ఒకే స్పీకర్‌నే.

ఇప్పుడు 8 అంగుళాల మానిటర్ సంగతి. యమహా హెచ్‌ఎస్ వరుస తీసుకుందాం, బేస్ ఎక్కడ తగ్గుతుందో కంపెనీ రెండు రకాలుగా కొలిచి ఇస్తుంది కాబట్టి. 8 అంగుళాల హెచ్‌ఎస్ 8లో బేస్ వైపు శబ్దం 3 డెసిబెల్ తగ్గే చోటు 47 హెర్ట్జ్. హెచ్‌ఎస్ 7కి అది 55, 5 అంగుళాల హెచ్‌ఎస్ 5కి 74. అంటే మీ గది ఎక్కడ అబద్ధం చెబుతుందో సరిగ్గా అక్కడ 8 అంగుళాలది నిండుగా వాయిస్తుంది. 5 అంగుళాలది అక్కడికి వచ్చేసరికే తగ్గిపోతూ ఉంటుంది, గదికి ఉబ్బించడానికి ఇచ్చే సరుకు తక్కువ. ఆ లోటును హెడ్‌ఫోన్ పూడుస్తుంది, ఎందుకంటే హెడ్‌ఫోన్‌కి గది లేదు. 80 హెర్ట్జ్‌కి పైన స్పీకర్‌ని నమ్మండి, దాని కింద హెడ్‌ఫోన్‌ని నమ్మండి.

స్టూడియోల్లో తెల్ల కోన్ ఉన్న యమహా ఎన్‌ఎస్-10 ఫొటోలు మీరు చూసే ఉంటారు. 1978లో ఇళ్లలో పాటలు వినడానికని వచ్చిన స్పీకర్ అది, 2001లో ఆపేశారు. దానికీ లోతైన బేస్ లేదు, అయినా బల్ల మీద పెట్టుకుని దశాబ్దాల పాటు మిక్సులు చేశారు. కింది బేస్ చూసుకోవడానికి అక్కడ గోడలో బిగించిన పెద్ద మానిటర్లు ఉండేవి. మనకు ఆ పని హెడ్‌ఫోన్ చేస్తుంది.

స్పెసిఫికేషన్ చదివేటప్పుడు ఒక తిరకాసు. అదే హెచ్‌ఎస్ 5కి 54 హెర్ట్జ్ అని కూడా రాసి ఉంటుంది. అది 10 డెసిబెల్ తగ్గిన చోటు. ఒక కంపెనీ 3 దగ్గర కొలిచిన అంకె, ఇంకో కంపెనీ 10 దగ్గర కొలిచిన అంకె పక్కపక్కన పెట్టి పోల్చితే రెండోదానికి బేస్ ఎక్కువని మోసపోతాం. వాట్ల గురించి అసలు పట్టించుకోకండి. పవర్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్ మాత్రమే. మూడడుగుల దూరంలో కూర్చునే మనకు ఈ సైజులో ఏదైనా సరిపోతుంది.

మోడల్ పేర్లు చెప్పమన్నారు. హెచ్‌ఎస్ 5, ఆడమ్ టీ5వీ, జేబీఎల్ 305పీ, కేఆర్‌కే రాకిట్ 5: వీటిలో ఏది తీసుకున్నా పని జరుగుతుంది. హెచ్‌ఎస్ 5 మధ్య స్వరాలను మొహమాటం లేకుండా ముందుకు తెచ్చి చూపిస్తుంది. వోకల్స్, సింథ్‌ల గొడవ తొందరగా పట్టుకోవాలంటే అది మంచిదని నా అభిప్రాయం, కానీ సరదాగా పాటలు వినడానికి కాస్త పొడిగా ఉంటుంది. టీ5వీలో రిబ్బన్ తరహా ట్వీటర్ (పై స్వరాలు పలికించే భాగం), హైహ్యాట్లు అంటే డ్రమ్ సెట్‌లోని తాళాలు విడివిడిగా వినిపిస్తాయి. నిజం చెప్పాలంటే ఈ నాలుగింటి మధ్య తేడా కన్నా, ఒకే స్పీకర్‌ని అరడుగు జరిపితే వచ్చే తేడా ఎక్కువ.

కొనే ముందు ఒక పరీక్ష తప్పకుండా చేయండి. పాట ఏదీ పెట్టకుండా స్పీకర్ ఆన్ చేసి ట్వీటర్ దగ్గర చెవి పెట్టండి. కొన్నింటిలో సన్నగా ‘స్‌స్‌స్’ అని వస్తూనే ఉంటుంది. షాపు హడావుడిలో అది తెలియదు. రాత్రి రెండింటికి, తల పక్కనే స్పీకర్ ఉన్న పడకగదిలో తెలుస్తుంది.

ఇక పెట్టే చోటు. టేబుల్‌ని 10 అడుగుల గోడకు మధ్యలో వేసి, గది 11 అడుగుల పొడవు మీ వీపు వెనక్కి సాగేలా ఆ గోడకేసి కూర్చోండి. తల ముందు గోడ నుంచి నాలుగడుగులకు కాస్త అటూఇటూగా ఉండాలి, గది సగానికి మాత్రం రాకూడదు. రెండు స్పీకర్లు, మీ తల కలిపి సమభుజ త్రిభుజం. ‘స్పీకర్‌ని గోడకు దూరంగా జరపండి’ అని అందరూ చెప్పే సలహా చిన్న గదిలో సగమే నిజం. స్పీకర్ ముందు భాగం గోడకు రెండడుగుల దూరంలో ఉంటే, గోడను తాకి తిరిగొచ్చే బేస్ నేరుగా వచ్చేదాన్ని 140 హెర్ట్జ్ దగ్గర కొట్టేస్తుంది, సరిగ్గా బేస్‌లైన్ ఒంట్లో గొయ్యి పడుతుంది. దాన్ని తప్పించుకునేంత దూరం జరపడానికి మన గదిలో చోటు లేదు. అందుకే వెనక నాలుగైదు అంగుళాలు మాత్రం వదిలి, స్పీకర్ వెనకాల బేస్ తగ్గించే స్విచ్ ఉంటే దాన్ని తగ్గించండి (హెచ్‌ఎస్ 5లో అది రూమ్ కంట్రోల్, మైనస్ 2కో మైనస్ 4కో తిప్పండి). బేస్ పోర్టు (డబ్బాకి ఉండే గాలి రంధ్రం) ముందుంటే గోడ గొడవ ఉండదన్న మాట వింటుంటాం. కొంచెం మేలే కానీ, బేస్ ఎటు నుంచి బయటికొచ్చినా అన్ని వైపులకూ పాకుతుంది. మూలలో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. గోడకు పల్చటి ఫోమ్ అంటిస్తే హైహ్యాట్లే మందగిస్తాయి తప్ప బేస్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మందమైన మంచం పరుపు, బట్టల బీరువా అంతకన్నా నయం.

రెండు పనులూ ఒకే టేబుల్ మీద చేసేవాళ్లకు మాత్రమే వచ్చే చిక్కు ఇంకొకటుంది. ప్రొడక్షన్ కూర్చుని చేస్తాం, మిక్సింగ్ నిలబడి చేస్తాం. కూర్చున్నప్పుడు చెవి ఎత్తుకు పెట్టిన ట్వీటర్, లేచి నిలబడగానే మీ పొట్ట వైపు చూస్తుంటుంది. ట్వీటర్, ఊఫర్ పని పంచుకునే 2,000 హెర్ట్జ్ ప్రాంతంలో పై నుంచి వింటే రెండూ ఒకదాన్నొకటి కొంత రద్దు చేసుకుంటాయి. క్లాప్‌లు, వోకల్స్ వెనక్కి పోతాయి. అప్పుడు తెలియకుండానే చెయ్యి కంట్రోలర్ మీద పై స్వరాలు పెంచే హై నాబ్ వైపు వెళ్తుంది. మిక్స్ రికార్డ్ చేసి కూర్చుని వింటే పళ్లు జివ్వుమంటాయి. నేను డీజేయింగ్ కూడా ఎత్తు కుర్చీలో కూర్చునే చేస్తాను. నిలబడకపోతే మజా లేదంటారా, స్పీకర్ కింద ఏటవాలు ఫోమ్ ముక్క పెట్టి పైకి చూసేలా వంచండి, కూర్చున్న ఎత్తుకీ నిలబడ్డ ఎత్తుకీ మధ్యలో రాజీ కుదురుతుంది. ముందుముందు టర్న్‌టేబుల్ కొనే ఆలోచన ఉంటే స్పీకర్లు ఆ టేబుల్ మీద ఉండకూడదు. బేస్ అదురు సూదిలోకి ఎక్కి, మళ్లీ స్పీకర్‌లోకి వచ్చి హోరు పుడుతుంది.

బ్లూటూత్ ఉన్న మానిటర్లు ఇప్పుడు చాలా వస్తున్నాయి. ఉంటే ఉండనివ్వండి, డీజేయింగ్‌కి మాత్రం వైరే వాడండి. 128 బీపీఎమ్ (నిమిషానికి 128 బీట్లు) పాటలో ఒక బీట్ 469 మిల్లీసెకన్లు. బ్లూటూత్ ఆలస్యం 150, 200 మిల్లీసెకన్ల దాకా పోతుంది. హెడ్‌ఫోన్‌లో కుదిర్చిన బీట్, స్పీకర్‌లో దాదాపు అర బీట్ వెనక వినిపిస్తే ఎవరూ మిక్స్ చేయలేరు.

కనెక్షన్ విషయంలో కంగారు పడక్కర్లేదు. డీజే కంట్రోలర్‌లో చాలావాటికి సౌండ్ కార్డు లోపలే ఉంటుంది. ప్రొడక్షన్ సాఫ్ట్‌వేర్‌లో ఆడియో అవుట్‌పుట్‌గా కంట్రోలర్‌నే ఎంచుకుంటే, ప్రస్తుతానికి విడిగా ఆడియో ఇంటర్‌ఫేస్ (బయట పెట్టే సౌండ్ కార్డు) కొనే పని లేదు. తర్వాత ఇంటర్‌ఫేస్ కొంటే మానిటర్లు దానికి తగిలించి, కంట్రోలర్ మాస్టర్ అవుట్‌ని దాని లైన్ ఇన్‌పుట్‌లోకి ఇచ్చి, డైరెక్ట్ మానిటరింగ్ (ల్యాప్‌టాప్ చుట్టూ తిరగకుండా శబ్దం నేరుగా స్పీకర్‌కి చేరడం) ఆన్ చేసుకోండి. చవక కంట్రోలర్లకు ఆర్‌సీఏ అవుట్ మాత్రమే ఉంటుంది, కేబుల్ ఆరేడడుగులు మించకపోతే దాంతోనే సరిపోతుంది. గుర్‌ర్ అని హమ్ వస్తే ముందు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. ఆగిపోయిందంటే గ్రౌండ్ లూప్, అంటే వేర్వేరు ఎర్తింగ్‌ల మధ్య కరెంటు తిరగడం. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మార్చితే చాలాసార్లు తగ్గుతుంది. ఆన్ చేసేటప్పుడు స్పీకర్లు చివర, ఆపేటప్పుడు ముందు. లేకపోతే ‘ఢబ్’ మంటుంది, ట్వీటర్‌కి మంచిది కాదు.

వాల్యూమ్: పక్కవాళ్లతో గొంతు పెంచకుండా మాట్లాడగలిగితే అది పని చేసుకునే వాల్యూమ్. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెప్పే హద్దు రోజుకు 8 గంటలకు 85 డెసిబెల్, ప్రతి 3 డెసిబెల్‌కీ సమయం సగమవుతుంది. 94కి గంటే. హెడ్‌ఫోన్‌లో ఒక చెవికి క్యూ (తర్వాత కలపబోయే పాట) పెట్టుకుని స్పీకర్‌తో పోటీ పడి పెంచుకుంటూ పోవడం మనకు అలవాటు. ముందు స్పీకర్ తగ్గించండి, హెడ్‌ఫోన్ తనంతట తనే తగ్గుతుంది.

సబ్‌ఊఫర్ ఇప్పుడే వద్దు, కారణం పైన చెప్పిన 51 హెర్ట్జ్. ఇంట్లో పార్టీకి ఈ మానిటర్లు సరిపోతాయా అంటే, సరిపోవు. పెంచి పెంచి ట్వీటర్ కాల్చుకోకండి, ఆ ఒక్క రోజుకు పీఏ అద్దెకు తెచ్చుకోండి.

హెడ్‌ఫోన్ ఒక్కటే కొనగలిగితే, చెవిని పూర్తిగా కప్పే క్లోజ్డ్ రకం చూడండి, బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో లాంటిది. ఒక చెవి తప్పించి క్యూ వినడానికి ఇది చిన్నపాటి సెన్‌హైజర్ హెచ్‌డీ 25 అంత సులువుగా ఉండదు కానీ, బేస్ తీర్పు చెప్పాల్సింది హెడ్‌ఫోనే కాబట్టి నా ఓటు డీటీ 770కే. తీసుకునేటప్పుడు 80 ఓమ్‌లదో అంతకన్నా తక్కువదో తీసుకోండి. 250 ఓమ్‌లదైతే కంట్రోలర్ హెడ్‌ఫోన్ జాక్‌కి లాగడం కష్టం.

మీ కంట్రోలర్ ఏదో రాయలేదు. మోడల్ పేరు, వెనక వైపు ఏయే అవుట్‌లు ఉన్నాయో కామెంట్‌లో పెడితే ఏ కేబుల్ కొనాలో చెప్తాను.