రాజీనామా మెయిల్ పంపే ముందు

బిడ్డా,

నిన్న నువ్వు ఫోన్‌లో ఏడ్చినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. కొత్తగా చేరిన అబ్బాయికి నీకంటే జీతం ఎక్కువని తెలిస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ ఆ మంటలో రాజీనామా మెయిల్ పంపకు.

22 ఏళ్లు జీతాల లెక్కలు చూసినవాడిగా చెప్తున్నా. ఏప్రిల్‌లో జీతం పెంపు (హైక్) లెటర్లు ఇచ్చే ఆఫీసుల్లో ఎవరికెంతో చాలావరకు ఫిబ్రవరికల్లా తేలిపోతుంది. నా మొదటి ఉద్యోగంలో నేను లెటర్ చూసుకున్నాకే మేనేజర్ దగ్గరికెళ్లాను. "ఫైలు వెళ్లిపోయిందయ్యా, ముందే అడగాల్సింది" అన్నాడు. ఆ ఏడాదంతా అదే జీతం. నువ్వు డిసెంబర్‌లోనే అడుగు. హాస్టల్ ఫీజు పెరిగిందనీ, పక్కవాడికి ఎక్కువనీ అనకు. ఏడాదిలో నువ్వు ఒంటిచేత్తో చేసిన పనులు తేదీలతో కాగితం మీద రాసుకుని వెళ్లు. ఎంత కావాలో అంకె కూడా నువ్వే చెప్పు.

రెండేళ్లు నిండి, రెండుసార్లు అడిగినా కదలిక లేక, కొత్తగా నేర్చుకునేదీ లేకపోతే మాత్రం వేరేచోట చూసుకో. జీతమే సరిగా ఇవ్వకపోయినా, మనిషిని మనిషిలా చూడకపోయినా రెండేళ్లు ఆగక్కర్లేదు.

ఇప్పుడు వేరే కంపెనీ నుంచి నీకొచ్చిన ఏడాదికి 7,20,000 ఆఫర్ సంగతి. నెలకు 60 వేలని మురిసిపోయావు కదా? అందులో 72,000 వేరియబుల్ పే, అది ఇస్తేనే వచ్చినట్టు. కంపెనీ కట్టే పీఎఫ్ నెలకు 1,800 చొప్పున 21,600. నెలకు బేసిక్, అంటే మూలవేతనం, 30 వేలన్నావు. దాని మీద గ్రాట్యుటీ పేరుతో, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే డబ్బు కింద, ఏడాదికి ఇంకో 17 వేల పైచిలుకు. మిగిలినదాన్ని పన్నెండుతో భాగించి, నీ వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 తీసేస్తే చేతికొచ్చేది 49 వేలు కూడా ఉండదు. ఇప్పుడు నీ చేతికి 41 వేలు వస్తున్నాయి. అంటే తేడా 8 వేలే. ఆ 8 వేల కోసం వెళ్లాలా వద్దా అని ఆలోచించు.

జాయినింగ్ బోనస్ ఉంటే, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలని రాశారేమో చూడు. ఆఫర్ లెటర్ చేతికి రాకుండా, ఫోన్‌లో మాట నమ్మి ఇక్కడ రాజీనామా చేయకు. నోటీసు 90 రోజులు పూర్తిగా పనిచేసి పని నుంచి వదిలిపెట్టినట్టు ఇచ్చే రిలీవింగ్ లెటర్ తీసుకో. పీఎఫ్ డబ్బు డ్రా చేయకు, అదే యూఏఎన్ (నీ పీఎఫ్ నంబరు) మీద కొత్తచోటికి మార్పించుకో. మొత్తం సర్వీసు ఐదేళ్లు నిండకుండా తీస్తే పన్ను కూడా పడొచ్చు.

ఆదివారం ఆ లెటర్ తీసుకుని రా. రాయదుర్గంలో ఎక్కితే తార్నాక దాకా ఒకటే మెట్రో. మీ అత్త పప్పుచారు పెడతానంటోంది. తిన్నాక ఇద్దరం కూర్చుని ఒక్కో లైనూ చదువుదాం.

మీ మామయ్య