భర్త సంతకం తెమ్మంటున్నారు, ఎక్కడ రాసుంది?

పాఠకుల ప్రశ్నలకు స్త్రీ వైద్య నిపుణురాలు, న్యాయవాది కలిసి ఇచ్చిన జవాబులు. ఈసారి ఉత్తరాలన్నీ బెంగళూరు తెలుగువాళ్ళవే. ఎవరి పేరూ వేయడం లేదు.

ప్ర: నాకు 29 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. కృష్ణరాజపురంలో ఉంటాం. ఆయన కువైట్‌లో పని చేస్తారు. సెలవుకొచ్చి వెళ్ళారు. కండోమ్ చిరిగిన సంగతి అప్పుడే తెలిసింది. నెలసరి తప్పి పది రోజులైంది, టెస్టులో రెండు గీతలు వచ్చాయి. మాకు మూడో బిడ్డ వద్దు. నర్సింగ్ హోమ్‌లో ‘భర్త సంతకం కావాలి, లేదంటే అత్తగారిని తీసుకురా’ అన్నారు. మెడికల్ షాపు అబ్బాయేమో డాక్టరుతో పనిలేదు, అబార్షన్ మాత్రల కిట్ ఇస్తానంటున్నాడు. ఏం చెయ్యను?

జ: అత్తగారి మాట అటుంచండి, ఆయన సంతకమే అక్కర్లేదు. 1971 నాటి ఎం.టి.పి. చట్టం, అంటే అబార్షన్ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండి, మతిస్థిమితం ఉన్న స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలు. ఆ సమ్మతి రాసిచ్చే కాగితం పేరు ఫారం-సి. అందులో రాయాల్సింది మీ పేరు, తండ్రి పేరో భర్త పేరో, వయసు, చిరునామా, ఆస్పత్రి పేరు. భర్త పేరుకు చోటుంది గానీ భర్త సంతకానికి లేదు. అడుగున ఉండే ఒక్క సంతకం మీది.

రేపు మొగుడొచ్చి గొడవ చేస్తాడేమోనని నర్సింగ్ హోమ్ వాళ్ళు అడుగుతుంటారు. అది వాళ్ళ భయమే తప్ప నిబంధన కాదు. ‘ఫారం-సి ఇవ్వండి, సంతకం పెడతాను’ అని అడిగి చూడండి. అయినా కుదరదంటే వాదన పెట్టుకోకుండా వేరే చోటికి వెళ్ళండి, ఎందుకంటే మీకిప్పుడు రోజులు ముఖ్యం. సిటీ మార్కెట్ దగ్గరి వాణీవిలాస్ లాంటి ప్రభుత్వాసుపత్రులు ఉన్నాయి. ప్రైవేటు చోటికి వెళ్తే అబార్షన్‌కు ప్రభుత్వ అనుమతి పత్రం గోడ మీద అందరికీ కనబడేలా ఉండాలి, చూసుకోండి.

కండోమ్ చిరగడం చట్టం ఒప్పుకున్న కారణమే. 2021 సవరణతో ‘వివాహిత, ఆమె భర్త’ అన్న చోట ‘స్త్రీ, ఆమె భాగస్వామి’ అని మారింది. ఇరవై వారాల వరకు ఒక డాక్టరు సమ్మతిస్తే చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు కావాలి, అదీ అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త పోయినవారు లేదా విడాకులైనవారు, వికలాంగులు వంటి కొందరికే. 24 దాటితే బిడ్డకు తీవ్రమైన లోపముందని మెడికల్ బోర్డు తేల్చాలి. పుట్టబోయేది ఆడో మగో పరీక్ష చేయించడం 1994 లింగ నిర్ధారణ నిషేధ చట్టం కిందికొచ్చే వేరే వ్యవహారం. మీ వారాల్లో ఆ ప్రశ్నే రాదు.

ఊళ్ళో తెలుస్తుందన్న బెంగ కూడా రాశారు. డాక్టరు అభిప్రాయ పత్రాన్ని, మీ ఫారం-సిని కవర్లో పెట్టి అతికించి పైన ‘రహస్యం’ అని రాయాలి. రిజిస్టరు కూడా రహస్య పత్రమే. మీ వివరాలు చట్టం అనుమతించని వాళ్ళకు చెప్పిన డాక్టరుకు ఏడాది దాకా జైలు పడొచ్చు. (పక్కనే ఉన్న నేపాల్లో 2002లో చట్టం మారే దాకా అబార్షన్ చేయించుకున్న ఆడవాళ్ళను జైల్లో పెట్టేవారు. మన దగ్గర 1971 నుంచే చట్టముంది. అయినా కౌంటరు దగ్గర అమ్మాయికి ఫారం పేరు తెలియదు.)

ఇక వారాల లెక్క. కలిసిన రోజు నుంచి కాదు, ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెట్టాలి. 28 రోజులకోసారి వచ్చేవారైతే పది రోజులు తప్పిందంటే 38 రోజులు, అంటే ఐదు వారాల మూడు రోజులు. మాత్రలతో అయ్యేది తొమ్మిది వారాల్లోపే, అంటే 63 రోజులు. మీకు వ్యవధి ఉంది. అయినా ముందు స్కానింగ్ చేయించాలి. గర్భం సంచిలో కాక ట్యూబులో ఉంటే ఈ మాత్రలు పనిచెయ్యవు. ట్యూబు పగిలి కడుపులో రక్తం చేరితే ప్రాణం మీదికొస్తుంది. కాపర్-టి లోపలే ఉంటే ముందది తీయాలి. రక్తం శాతం బాగా తక్కువున్నా, సిజేరియన్ అయివున్నా, గ్రూపు నెగటివ్ అయినా డాక్టరుకు ముందే చెప్పాలి. షాపు అబ్బాయి ఇవేవీ అడగడు, అడిగినా చూడలేడు.

పద్ధతి ఇదీ: మొదటి రోజు మిఫెప్రిస్టోన్ 200 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి మింగిస్తారు. 24 నుంచి 48 గంటల తర్వాత మిసోప్రోస్టాల్ 200 మైక్రోగ్రాములవి నాలుగు. నాలుక కింద పెట్టుకుంటే అరగంట ఉంచి, మిగిలిన పిండి నీళ్ళతో మింగాలి. కొన్ని గంటల్లోనే బ్లీడింగ్ మొదలవుతుంది, నెలసరి కంటే ఎక్కువే అవుతుంది, గడ్డలు పడతాయి. ఆ పూట చలిజ్వరం, విరేచనాలు మామూలే. నొప్పికి ఐబుప్రోఫెన్ వేసుకోవచ్చు. ఆ రోజు ఇంట్లో ఒక పెద్ద మనిషి తోడుండేలా చూసుకోండి.

గంటకు రెండు పెద్ద పాడ్ల చొప్పున వరసగా రెండు గంటలు తడిసిపోయినా, 100.4 డిగ్రీల జ్వరం ఒక రోజు దాటినా, దుర్వాసన వచ్చినా, ఒక పక్కే పొడిచినట్టు నొప్పి వచ్చి కళ్ళు తిరిగినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. నాలుగు మాత్రలూ వేసుకున్నాక 24 గంటలకూ బ్లీడింగ్ రాకపోతే ‘హమ్మయ్య’ అనుకోకండి, అదీ ప్రమాద సూచనే. రెండు వారాలకు మళ్ళీ చూపించుకోవాలి. మూత్రం టెస్టు నాలుగు వారాల దాకా పాజిటివ్ చూపించొచ్చు. అది చూసి కంగారుపడి రెండో కిట్ మింగేవాళ్ళున్నారు, ఆ పని చెయ్యకండి. ముక్కలు మిగిలాయంటే సక్షన్‌తో తీస్తారు, పది నిమిషాల పని. పాతకాలం గీకుడు ఆపరేషన్ కంటే అదే మేలు, అడిగి చేయించుకోండి.

రెండు వారాల్లోపే మళ్ళీ అండం విడుదల కావచ్చు. ఆయన మళ్ళీ ఎప్పుడొస్తారో చూసుకుని, ఏ పద్ధతి కావాలో ఆ రెండో విజిట్‌లోనే తేల్చుకోండి.

ప్ర: 34 ఏళ్ళు. పీణ్యలో గార్మెంట్స్‌లో పని. ఏడాదిగా తెల్లబట్ట, నడుం నొప్పి. ఊరెళ్ళినప్పుడు హిందూపురంలో చూపిస్తే స్కానింగ్ తీసి ‘గర్భసంచి వాచింది, నోటి దగ్గర పుండుంది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది, తీసేద్దాం’ అన్నారు. పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకని మా ఆయనా అంటున్నారు.

జ: ఇంకెందుకంటే, అది పిల్లల కోసమే ఉన్న సంచి కాదు గనక. మీరు రాసిన మూడు మాటల్లో ఒక్కటీ ఆపరేషన్‌కు కారణం కాదు. రిపోర్టులో ‘బల్కీ యుటెరస్’ అని రాస్తే సంచి కాస్త పెద్దగా ఉందని అర్థం. కాన్పులైన వాళ్ళలో అది తరచూ కనిపిస్తుంది. ‘పుండు’ అని చెప్పేది చాలాసార్లు పుండే కాదు. సంచి మెడ లోపలి ఎర్రటి పొర కాస్త బయటికి కనబడటం, అంతే. దానికి క్యాన్సర్‌తో సంబంధం లేదు.

తెల్లబట్టకు మందులున్నాయి. పెరుగు విరిగినట్టుండి దురద పెడితే ఫంగస్. చేపల వాసన, పల్చటి బూడిద రంగు అయితే బాక్టీరియా. నురగతో పచ్చగా ఉంటే మూడో రకం, దానికి భార్యాభర్తలిద్దరూ మందు వాడాలి, ఒక్కరే వాడితే మళ్ళీ అంటుకుంటుంది. ప్రభుత్వాసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లో తెల్లబట్టకు ఆకుపచ్చ మందుల కిట్ ఉచితంగా ఇస్తారు: సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాములు. గర్భం లేదని తేల్చుకున్నాకే వేసుకోవాలి. నడుం నొప్పికి కుట్టుమిషన్ ముందు కూర్చునే తీరు, రక్తహీనత, మూత్రంలో ఇన్ఫెక్షన్ చూడాలి. బాత్రూముకు పంపరని పొద్దుట్నుంచీ నీళ్ళు తాగకుండా ఉండేవాళ్ళు మీ లైన్లోనే ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

క్యాన్సర్ భయం తీరాలంటే పరీక్ష చేయించుకోండి. 30 దాటిన ప్రతి స్త్రీకీ ఐదేళ్ళకోసారి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ‘వి.ఐ.ఎ.’ చేయాలి. సంచి మెడకు పల్చటి ఎసిటిక్ యాసిడ్ అద్ది ఒక నిమిషం ఆగి, తెల్లమచ్చ వస్తుందా అని చూస్తారు. మచ్చ వచ్చినా అది క్యాన్సరని కాదు, తర్వాతి పరీక్షకు పంపుతారు.

తీయక తప్పని సందర్భాలు ఉన్నాయి: క్యాన్సర్, మందులకు లొంగని పెద్ద ఫైబ్రాయిడ్లు (సంచిలో గడ్డలు), సంచి జారడం, ఏం చేసినా ఆగని బ్లీడింగ్. బ్లీడింగ్‌కైనా ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూసి ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలో, సంచిలో పెట్టే హార్మోన్ లూపో వాడి చూస్తారు. ఆ లూప్ ఐదేళ్ళకు పైనే పనిచేస్తుంది. 34 ఏళ్ళకే సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ మర్నాటి నుంచే ముట్లుడిగిన మనిషి అవుతారు: ఒళ్ళంతా ఆవిర్లు, ఎముకల బలహీనత, గుండె జబ్బుల ముప్పు. అండాశయాలు ఉంచినా ముట్లుడగడం ముందే రావొచ్చు.

మన రెండు రాష్ట్రాల సంగతి మరీ ఘోరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో సంచి తీయించుకున్నవారు దేశంలో 3.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అడ్డుకునే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది కూడా. ఆ హిందూపురం డాక్టరును మూడే అడగండి: జబ్బు పేరు కాగితం మీద రాసిస్తారా, ఇంతవరకు ఏ మందు వాడి చూశాం, అండాశయాలు ఉంచుతారా. ఆ కాగితం తీసుకుని బెంగళూరులో ఇంకో గైనకాలజిస్టుకు చూపించండి.

ప్ర: కాన్పయ్యాక అడక్కుండా కాపర్-టి వేశారు. డిశ్చార్జి కాగితంలో చూసేదాకా తెలియదు. ఇప్పుడు మూడు నెలలు, దారం చేతికి తగలడం లేదు. అది పైకి పాకి గుండెలోకి పోతుందట, నిజమా?

జ: గుండెకు దారి లేదమ్మా. ప్రసవమయ్యాక 48 గంటల్లోపు వేసిన కాపర్-టికి దారం లోపల ముడుచుకుని ఉండటం సాధారణం. అయితే అప్పుడు వేసినవి జారి పడిపోవడం మామూలు కంటే ఎక్కువ. తెలియకుండా పడిపోతే మళ్ళీ గర్భం రావొచ్చు. అందుకని స్కానింగ్ చేయించండి, అందులో కనబడకపోతే పొట్ట ఎక్స్‌రే తీస్తారు. సంచిని తొలుచుకుని బయటికి వెళ్ళడం వెయ్యిలో ఒకరికి జరిగే సంగతి.

వద్దనుకుంటే ఏ రోజైనా తీయించుకోవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. ‘ఐదేళ్ళు ఉంచాలి’, ‘పదేళ్ళు ఉంచాలి’ అంటే అది మందు పనిచేసే గడువు, మీరు ఉంచుకోవాల్సిన గడువు కాదు. తీసిన నెల నుంచే గర్భం నిలవొచ్చు.

అడక్కుండా వేయడం ముమ్మాటికీ తప్పు. నొప్పులు మొదలవక ముందే, నెలల పరీక్షలప్పుడే అడిగి ఒప్పించాలి. ఆస్పత్రి సూపరింటెండెంటుకు, జిల్లా ఆర్.సి.హెచ్. (తల్లీబిడ్డల ఆరోగ్యం చూసే) అధికారికి డిశ్చార్జి కాగితం జిరాక్సు జతచేసి రాయండి. అయితే వేసిన తీరు మీద కోపం వేరు, ఆ వస్తువు వేరు. బ్లీడింగ్, నొప్పి లేకుండా సరిగ్గా కూర్చుని ఉంటే ఉంచుకోవాలా అన్నది నెమ్మదిగా ఆలోచించండి.

ప్ర: 22 ఏళ్ళు, పెళ్ళి కాలేదు, మారతహళ్ళిలో పి.జి.లో ఉంటాను. ఈ నెలలో రెండుసార్లు గర్భం రాకుండా ఎమర్జెన్సీ మాత్ర వేసుకున్నాను. నెలసరి రాలేదు. గర్భమైతే, పెళ్ళి కాలేదని డాక్టరు అబార్షన్ చెయ్యరేమోనని భయంగా ఉంది.

జ: లెవొనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల ఆ మాత్ర అండం విడుదలను వెనక్కి నెడుతుంది. అందుకే నెలసరి వారం అటూ ఇటూ కావడం సహజం. వారం దాటితే టెస్టు చేయండి. అండం అప్పటికే విడుదలై ఉంటే మాత్ర ఫలించదు. 72 గంటలు గడువే గానీ మూడో రోజు కంటే మొదటి రోజు వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది. రెండు గంటల్లోపు వాంతి అయితే మళ్ళీ వేసుకోవాలి. నెలకు రెండుసార్లు అవసరం పడుతోందంటే రోజూ మాత్రలో, కండోమో చూసుకోవడం మంచిది. ఇక మీరు రాసిన భయం గురించి: అబార్షన్ చట్టంలో పెళ్ళయినవాళ్ళు, కానివాళ్ళు అన్న తేడా చెల్లదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. డాక్టరు పెళ్ళి సంగతి తీసి దెప్పితే లేచి వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ప్ర: పదో వారంలో కడుపు పోయింది. బొమ్మనహళ్ళిలో మా ఫ్యాక్టరీ సూపర్‌వైజరు రెండు రోజులే సెలవంటున్నాడు.

జ: జీతంతో ఆరు వారాలు. 1961 ప్రసూతి చట్టంలో ఉన్న ఈ హక్కే 2020 సామాజిక భద్రతా కోడ్‌లోకీ వచ్చింది. గర్భం దానంతటదే పోయినా, డాక్టరు దగ్గర చట్టప్రకారం తీయించుకున్నా ఒకటే. మీ జీతం చీటీలో 0.75 శాతం ఇ.ఎస్.ఐ. (కార్మికుల ప్రభుత్వ బీమా) కోత ఉందేమో చూడండి. ఉంటే ఆ డబ్బు ఫ్యాక్టరీ కాదు, ఇ.ఎస్.ఐ. ఇస్తుంది. అంతకుముందు రెండు చందా కాలాల్లో, అంటే ఒక్కోటి ఆరు నెలలు, మొత్తం 70 రోజులకు చందా కట్టి ఉండాలి. దీని తర్వాత కూడా ఒళ్ళు కుదురుకోకపోతే మరో నెల అడగొచ్చు. ప్రైవేటులో చూపించుకున్నా ఆ కాగితాలతో ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీకి వెళ్ళి అక్కడి డాక్టరు చేత సర్టిఫికెట్ రాయించుకోండి. అందులో గర్భం పోయిన తేదీ, ఎన్నో వారమో ఉండాలి. ఒక జిరాక్సు మీ దగ్గర పెట్టుకుని, ఇంకోటి ఫ్యాక్టరీ హెచ్.ఆర్. కిచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి. సూపర్‌వైజరు చేతికి మాత్రం ఇవ్వకండి.