గుడ్లు సరే, రొటిఫర్లు సిద్ధమేనా?

క్లౌన్ ఫిష్ గురించి తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాం. దుకాణంలో నీమో అని అడిగితే ఇచ్చే నారింజ రంగు, తెల్ల చారల చేపే ఇది. ఎక్కువ మంది గోడు ఒక్కటే: గుడ్లు పెడుతున్నాయి గానీ పిల్లలు దక్కడం లేదు. అందుకే పిల్లల మొదటి మేతైన రొటిఫర్ల మీద ఇచ్చిన జవాబు కాస్త పొడుగైంది.

ప్ర: ఏడాది కిందట ఒకే సైజువి రెండు క్లౌన్ ఫిష్ తెచ్చుకున్నాం. మొదట్లో కలిసే తిరిగేవి. ఇప్పుడు ఒకటి రెండోదాన్ని మూలకు తరిమి రెక్కలు కొరుకుతోంది. ఇందులో ఆడది ఏది? – ఒక పాఠకురాలు, తిరుపతి

జ: ఈ జాతిలో పుట్టుకతోనే ఆడది అంటూ ఉండదు. గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడదవుతుంది, దాని తర్వాతది మగదవుతుంది, మిగిలినవి ఎటూ కాకుండా చిన్నగానే ఉండిపోతాయి. ఆడది చనిపోతే మగది ఆడదిగా మారుతుంది. ఒకసారి ఆడదైంది మాత్రం మళ్లీ మగది కాలేదు. మీ తొట్టిలో పెద్దరికం ఇంకా తేలలేదు, లేదా రెండూ ఆడవయ్యాయి.

పెద్దదాన్ని కాదు, చిన్నదాన్ని గమనించండి. పెద్దది దగ్గరికి రాగానే చిన్నది పక్కకు ఒరిగి ఒళ్లంతా గజగజ వణికిస్తే లొంగిపోయినట్టే, జత కుదురుతుంది. అలా వణకకుండా ఎదురుతిరిగి నోరూ నోరూ పట్టుకుంటే ఆ రోజే విడదీయాలి. రంధ్రాలున్న ప్లాస్టిక్ బుట్టలో ఒకదాన్ని వేసి వారం పాటు అదే తొట్టిలో ఉంచి, తర్వాత వదిలి చూడండి. మళ్లీ పోట్లాడితే ఒకదాన్ని మార్చేసి, మిగిలినదానిలో సగం సైజుకు మించని పిల్లను తెచ్చి కలపండి. ఆడది 7–8 సెంటీమీటర్లకు వచ్చాక గుడ్ల మాట. చిన్నవి తెస్తే ఏడాది, ఏడాదిన్నర ఓపిక పట్టాలి. గుడ్ల కోసమని ఎనిమోన్ (సముద్రంలో ఈ చేప ఆశ్రయం పొందే పువ్వులాంటి జీవి) కొనకండి. రంగు వేయని మట్టి పూలకుండీని అడ్డంగా పడుకోబెడితే చాలు.

ప్ర: మా జత కుండీ లోపల గుడ్లు పెట్టింది. మొదటిసారి రెండో రోజుకే మాయం. తర్వాతి ఈతలో ఎనిమిదో రోజు దాకా ఉండి, తెల్లారేసరికి ఒక్కటీ లేదు. తినేస్తున్నాయా? – ఒక పాఠకుడు, చిత్తూరు

జ: మొదటిసారి తిన్నాయి. రెండోసారి తినలేదు, అవి పిల్లలయ్యాయి!

కొత్త జతలు మొదటి రెండు మూడు ఈతలను తినేయడం మామూలే. మగదానికి పని కొత్త, గుడ్లు సరిగా ఫలించవు, ఫలించనివి తెల్లబడితే అదే వాటిని తీసేస్తుంది. కంగారుపడకండి, రెండు వారాలు అటూ ఇటూగా మళ్లీ పెడతాయి. ఈలోగా మేత పెంచండి. పచ్చి రొయ్యను పొట్టు తీసి, కడిగి, చేప నోటికి పట్టేంత ముక్కలు చేసి రోజుకు రెండు మూడు సార్లు వేయండి. మసాలా పట్టించిన ఇంటి రొయ్య కాదండోయ్.

ఇక ఎనిమిదో రోజు సంగతి. గుడ్లు మొదట ముదురు నారింజ రంగులో ఉంటాయి. మూడు నాలుగు రోజులకు గోధుమ రంగుకు తిరుగుతాయి. ఆరేడు రోజులకు టార్చి వేస్తే ప్రతి గుడ్డులో రెండు వెండి చుక్కలు మెరుస్తాయి, అవి కళ్లు. 27–28 డిగ్రీల నీళ్లలో ఏడు నుంచి తొమ్మిది రోజుల మధ్య, దీపాలు ఆరిన గంటా రెండు గంటల్లో అన్నీ ఒక్కసారిగా పొదుగుతాయి. మీ పిల్లలు ఆ రాత్రే బయటికొచ్చి ఫిల్టర్లోకో, పెద్దచేపల నోట్లోకో వెళ్లిపోయాయి. గుడ్లు పెట్టిన తేదీ గోడ క్యాలెండర్ మీద రాసుకోకపోతే ప్రతిసారీ ఇదే జరుగుతుంది.

కళ్లు వెండిలా మెరిసిన రోజు సాయంత్రం, తల్లి తొట్టి నీళ్లతోనే నింపిన 30–40 లీటర్ల పిల్లల తొట్టిలోకి కుండీని మార్చండి. కాసేపు గాలి తగిలినా గుడ్లకు ఏమీ కాదు. మగది రెక్కలతో నీళ్లు కదిలించడం ఇక ఉండదు కాబట్టి ఎయిర్ స్టోన్ (సన్న బుడగలు వదిలే రాయి) గుడ్ల పక్కన పెట్టాలి. బుడగలు గుడ్లకు తగలకూడదు, పక్క నుంచి పైకి పోతుంటే గుడ్లు వరిచేను ఊగినట్టు సన్నగా ఊగాలి. తర్వాత గదంతా చీకటి చేయండి, పక్క గది టీవీ వెలుతురు కూడా పడకూడదు. పొదిగాక గాలిని సెకనుకు ఒకటి రెండు బుడగలకు తగ్గించి, కుండీని తీసేయండి. పిల్లల్ని వలతో మాత్రం ముట్టుకోవద్దు. మార్చాల్సి వస్తే ఒక మూలకు టార్చి వేయండి, వెలుతురుకు వచ్చి చేరతాయి. అప్పుడు గ్లాసుతో నీళ్లతో సహా ముంచండి.

ప్ర: సార్, గప్పీలు, ఫైటర్లు పెంచిన అనుభవం ఉండాది. అదే ధైర్యంతో క్లౌన్ పిల్లలకి ఉడికిన గుడ్డు సొన గుడ్డలో పిండి వేసినా, క్యాబేజీ నీళ్లలో ఇన్ఫుసోరియా చేసి పోసినా. మూడో రోజుకి సగం, నాలుగో రోజుకి అన్నీ అడుక్కి పడి చస్తా ఉండాయి. ఎందుకిట్లా? – ఒక పాఠకుడు, పుత్తూరు

జ: ఆకలితో చనిపోయాయి, పైగా కుళ్లిన సొన వాటికి విషమైంది. గప్పీ పిల్ల పుట్టుకతోనే పొడి మేత తినగలదు. క్లౌన్ పిల్ల 3–4 మిల్లీమీటర్ల గాజు పోగు. దానికి కదిలే మేతే కనబడుతుంది, కదలని సొన మేతగా తోచదు. క్యాబేజీ నీళ్లలో పుట్టిన మంచినీటి పురుగులు ఉప్పునీళ్లలో పడగానే చచ్చి నీళ్లను ఇంకా పాడుచేస్తాయి. పొట్ట కింది సొన సంచి ఒక్క రోజు మించి ఆదుకోదు. అంటే పొదిగిన మర్నాటి ఉదయానికే తొట్టిలో రొటిఫర్లు ఈదుతూ ఉండాలి. మనకు కావలసిన రొటిఫర్ అంటే ఉప్పునీళ్లలో బతికే, కంటికి తెల్లని దుమ్ములా ఆనే సూక్ష్మజీవి.

గుడ్లు కనబడ్డాక రొటిఫర్ల కోసం ఫోన్లు చేయడం మొదలుపెడితే ఆ ఈత పోయినట్టే. మూడు వారాల ముందే మొదలుపెట్టండి. 20 లీటర్ల వాటర్ క్యాన్ మెడ కోసేసి, 20–25 పీపీటీ (లీటరుకు 20–25 గ్రాముల ఉప్పు) ఉప్పునీళ్లు 15 లీటర్లు పోయండి. స్టోన్ లేకుండా ఉత్త ఎయిర్ ట్యూబుతో గాలి ఇవ్వండి, సన్న బుడగలైతే నురగ కడుతుంది. మేత నానోక్లోరోప్సిస్ అనే ఆల్గే (కంటికి ఆనని సన్న నాచు), ఫ్రిజ్‌లో దాచుకునే పేస్టుగా దొరుకుతుంది. పొద్దున, సాయంత్రం నీళ్లు లేత ఆకుపచ్చకు తిరిగేంత వేయాలి. ఆ రంగే మీకు గడియారం: మళ్లీ వేసే వేళకు తేటబడితే తింటున్నాయి, పచ్చగానే మిగిలితే ఎక్కువైంది. రోజుకు నాలుగో వంతు నీళ్లను 53 మైక్రాన్ల సన్న రంధ్రాల గుడ్డలో వడకట్టి, పోయినన్ని కొత్త ఉప్పునీళ్లు పోస్తుండాలి. నురగ చిక్కబడినా, కుళ్లు వాసన వచ్చినా, రొటిఫర్లు అడుగుకు దిగినా కల్చర్ (క్యాన్‌లో పెరిగే రొటిఫర్ల నీళ్లు) పడిపోబోతోందని అర్థం. అందుకే ఇలాంటిదే రెండో క్యాన్ వేరే గదిలో ఉంచుకోవాలి. ఒకదానికి వాడిన మగ్గు, గుడ్డ రెండోదానికి వాడొద్దు.

లెక్క ఇలా. ఒక మిల్లీలీటరు కల్చర్‌కు తొమ్మిది మిల్లీలీటర్ల ఉప్పునీళ్లు కలిపి, అందులోంచి సిరంజితో ఒక మిల్లీలీటరు తీసి, వెనక నుంచి టార్చి పట్టి చుక్కలు లెక్కపెట్టండి. 20 కనబడితే మీ కల్చర్లో మిల్లీలీటరుకు 200 ఉన్నట్టు. పిల్లల తొట్టిలో మిల్లీలీటరుకు కనీసం 10 ఉండాలి. 40 లీటర్లకు 4 లక్షలు, అంటే 2 లీటర్ల కల్చర్ వడకట్టి వేయాలి. ఇది మొదటి రోజు సంగతే. పిల్లలు తిన్నకొద్దీ తగ్గుతాయి, పొద్దున సాయంత్రం చూసి నింపుతుండాలి. పిల్లల తొట్టి నీళ్లను కూడా అదే ఆల్గేతో అడుగు మసగ్గా కనబడేంత పచ్చగా ఉంచండి. అలా చేస్తే రొటిఫర్లు ఖాళీ కడుపుతో ఉండవు, పిల్లలకు మేత స్పష్టంగా కనబడుతుంది. తొట్టికి నాలుగు వైపులా బయట నల్ల కాగితం అంటించండి. లేకుంటే వెలుతురు మెరిసే అద్దం వైపే పోయి ముక్కులు కొట్టుకుంటాయి. 

మొదటి వారం ఫిల్టర్ ఉండదు కాబట్టి అమ్మోనియా పెరుగుతుంది. రోజూ కిట్‌తో చూడండి. ఎయిర్ ట్యూబునే సైఫన్ చేసి అడుగు చెత్త లాగి, తీసినన్ని తల్లి తొట్టి నీళ్లు చుక్కచుక్కగా పోయండి. మగ్గుతో ఒక్కసారి గుమ్మరించకండి.

కల్చర్ మొదలుపెట్టడానికి రొటిఫర్లు సముద్రపు చేపల హ్యాచరీల్లో, మెరైన్ అక్వేరియం పెంపకందార్ల దగ్గర దొరుకుతాయి. చెన్నై కొళత్తూరు రంగు చేపల బజారు మనకు దగ్గర, అక్కడ అడిగి చూడండి.

ప్ర: రొటిఫర్లతో ఎనిమిది రోజులు చక్కగా పెరిగాయి. తొమ్మిదో రోజు లైటు వేయగానే గిర్రున తిరిగి పడిపోయాయి. ఖర్చు ఎక్కువని రొటిఫర్లకు బేకరీ ఈస్ట్ వేశాను. – ఒక పాఠకుడు, పలమనేరు

జ: కారణం మీ ఉత్తరంలో చివరి వాక్యమే. ఈస్ట్ తిన్న రొటిఫర్లు పెరుగుతాయి గానీ వాటిలో డీహెచ్ఏ వంటి కొవ్వులు ఉండవు. ఎనిమిది నుంచి పన్నెండు రోజుల మధ్య పిల్ల రూపం మారుతుంది: గాజులా ఉన్న ఒంటికి రంగు ఎక్కుతుంది, తల మీద తెల్ల చార పడుతుంది, పైన ఈదేది కిందికి దిగుతుంది. ఆ కొవ్వులు లేని పిల్ల ఆ మార్పును తట్టుకోలేదు. చిన్న అదురుకే పడిపోతుంది. ఈస్ట్ మానేసి ఆల్గేకు రండి. చీకట్లోంచి పెద్ద లైటు ఒక్కసారి వేయకండి, ముందు గది దీపం, అరగంట ఆగి తొట్టి దీపం.

ఆరో ఏడో రోజు నుంచి ఆర్టీమియా (రొయ్యలాంటి చిన్న ఉప్పునీటి జీవి) పిల్లల్ని మేతలో కొంచెంగా కలపాలి. పదో రోజు దాకా రొటిఫర్లు ఆపొద్దు, అన్ని పిల్లలూ ఒకే సైజులో ఉండవు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టి, లీటరు ఉప్పునీళ్లకు గ్రాము ఆర్టీమియా గుడ్లు వేసి, గట్టిగా గాలి, దీపం పెడితే 28 డిగ్రీల్లో 18–24 గంటలకు పొదుగుతాయి. గాలి ఆపి పది నిమిషాలు ఉంచండి. డొల్లలు పైకి తేలతాయి, పొదగని గుడ్లు మూత దగ్గరికి దిగుతాయి. ముందు ఆ అడుగు మట్టిని కొంచెం వదిలేసి, తర్వాత వచ్చే నారింజ రంగు గుంపును పట్టుకోండి. డొల్లలు మింగితే పిల్ల పేగుకు అడ్డం పడతాయి. పొదిగిన ఆరేడు గంటల్లోపే తినిపించాలి, తర్వాత వాటిలో సారం ఉండదు. ఆర్టీమియా టిన్నులు నెల్లూరు వైపు రొయ్యల హ్యాచరీలకు సరుకు వేసే దుకాణాల్లో దొరుకుతాయి. టిన్ను విప్పాక చెమ్మ తగిలితే పొదిగే గుణం పోతుంది, చిన్న సీసాల్లో పోసి బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి.

ప్ర: పులికాట్ నీళ్లు క్యాన్లలో తెచ్చుకోవచ్చా? ఉప్పు పొడి ఖర్చు తగ్గుతుందని. – ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జ: వద్దు. అది సరస్సు, సముద్రం కాదు. వానల్లో ఆరణి, కాళంగి నీళ్లు కలిసి ఉప్పు పడిపోతుంది, ఎండల్లో మితిమీరుతుంది. ఒడ్డుకు దూరంగా తీసిన సముద్రపు నీళ్లయితే పనికొస్తాయి. వడకట్టి, 5 శాతం బ్లీచింగ్ ద్రావణం 5 లీటర్లకు 1 మిల్లీలీటరు వేసి, రాత్రంతా ఉంచి, తర్వాత ఒకటి రెండు రోజులు గట్టిగా గాలి ఇచ్చి, క్లోరిన్ కిట్‌తో సున్నా చూశాకే వాడాలి. రానుపోను పెట్రోలు ఖర్చు లెక్కేస్తే పొడే నయం. ఆర్వో నీళ్లు 20 లీటర్లకు దాదాపు 700 గ్రాముల మెరైన్ సాల్ట్ వేసి ఒక రోజు కలియబెట్టండి. సాంద్రత 1.025 దగ్గరికి వస్తుంది. వంట ఉప్పు, కల్లుప్పు పనికిరావు. కల్యాణి డ్యామ్ నుంచి కుళాయికి వచ్చే నీళ్లయినా బోరు నీళ్లయినా నేరుగా పోయొద్దు, మొదటి దాంట్లో క్లోరిన్, రెండోదాంట్లో లవణాలు.

ప్ర: మే నెలలో మా డాబా ఇంట్లో తొట్టి నీళ్లు 33 డిగ్రీలు చూపిస్తున్నాయి. చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) కొనక తప్పదా? – ఒక పాఠకురాలు, తిరుపతి

జ: 100 లీటర్ల లోపు తొట్టికి ముందు ఫ్యాన్ పెట్టి చూడండి. మూత తీసి నీటి మీదికి ఏటవాలుగా గాలి తగిలితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. అయితే రోజుకు లీటరో రెండో ఆవిరైపోతుంది. దాన్ని ఉప్పు లేని ఆర్వో నీళ్లతోనే నింపాలి, ఉప్పునీళ్లు పోస్తే వారంలో తొట్టి ఉప్పు చేను అవుతుంది. 31 దాటితే గుడ్లు ఆపేస్తాయి, పెట్టినా పాడవుతాయి. మే నెలలో పెంచకుండా జతను విశ్రాంతిగా ఉంచి, ఆగస్టు నుంచి మొదలుపెట్టడమే మా మాట. కరెంటు పోతే పనికొచ్చే బ్యాటరీ ఎయిర్ పంపు మాత్రం ఏ కాలమైనా ఉండాల్సిందే. తొట్టి ఉన్న గదిలో దోమల మందు పెట్టకండి, స్ప్రే కొట్టకండి. ఆ గాలినే పంపు పీల్చి నీళ్లలోకి ఊదుతుంది.

ప్ర: నెల పిల్లలకు రెండు చారలే ఉన్నాయి, తోక దగ్గరిది రాలేదు. లోపమా? – ఒక పాఠకుడు, చంద్రగిరి

జ: ఇంకా సమయం ఉంది. తల చార ముందు, నడుము చార తర్వాత, తోకది అన్నిటికన్నా ఆఖరున వస్తుంది. మూడు నెలలకూ రాకపోయినా, చార సగంలో తెగినా అది అలాగే ఉండిపోతుంది. చేప ఆరోగ్యానికి ఢోకా లేదు, ధర మాత్రం తగ్గుతుంది. అమ్మేటప్పుడు ఆ సంగతి చెప్పి, విడి తొట్టిలో పెట్టి చూపించండి.