లూజ్ కాంటాక్టుకు హైడ్రోజన్ అయితేనేం, పెట్రోలు అయితేనేం!

ప్రశ్న: నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం విద్యార్థులు హైడ్రోజన్ రేసు కారు కడతారని, అందులో ఎలక్ట్రానిక్స్ మొరాయించకుండా చూసుకోవడమే పెద్ద తలనొప్పి అని మా లెక్చరర్ చెప్పారు. హైడ్రోజన్ కంటే వైర్లతోనే ఎక్కువ కష్టమా?
– ఈసీఈ మూడో సంవత్సరం విద్యార్థిని, కాకినాడ

జవాబు: కష్టమేనమ్మా, మీ లెక్చరర్ గారు సరిగ్గానే చెప్పారు. హైడ్రోజన్‌ను 700 బార్ల ఒత్తిడిలో పట్టి ఉంచే కార్బన్ ఫైబర్ సిలిండర్లు బజారులో దొరుకుతాయి. పరీక్షలు, సర్టిఫికెట్లు అన్నీ వాటితోనే వస్తాయి. ఒకే ఒక్క కారు కోసం అల్లిన వైరింగ్ హార్నెస్‌కు, అంటే వైర్లన్నీ కలిపి కట్టిన జడకు, అలాంటి ముద్ర ఎవరేస్తారు? అల్లిన పిల్లల చేతి పనితనమే దానికి గ్యారంటీ.

ఆ బృందం పేరు ఫోర్జే. 2007లో మొదలైంది. తొలి రోజుల్లో కార్ట్‌లనే చిన్న రేసు బండ్లు కట్టి, తర్వాత పెట్రోలు కార్లు పరుగెత్తే రేసుల్లోకే తమ కారును దింపారు. ఫోర్జే 9 అనే కారులో, హైడ్రోజన్ నుంచి కరెంటు పుట్టించే రెండు ఫ్యూయల్ సెల్ వ్యవస్థలు కలిసి 240 కిలోవాట్లు ఇస్తాయి. ఈ అంకె చూసి మురిసిపోయేవాళ్లు చాలామందే ఉంటారు. కుషాయిగూడలో బోర్డులు బిగిస్తూ, పాడైనవి విప్పుతూ తల నెరిసినవాడిని కాబట్టి, ఆ రెండింటి చుట్టూ ఎన్ని కనెక్టర్లు ఉండి ఉంటాయోనన్న బెంగే నాకు ముందొస్తుంది.

బెంగ ఎందుకంటే, ఫ్యూయల్ సెల్ స్టాక్ అంటే వందల పలచని సెల్స్‌ను వరసగా పేర్చిన దొంతర. లోడు మీద ఒక్కో సెల్ ఇచ్చేది 0.6, 0.7 వోల్టులు. ఏదైనా ఒక సెల్‌కు హైడ్రోజన్ సరిగా అందకపోతే దాని వోల్టేజి సున్నా కిందికి జారుతుంది, లోపలి కార్బన్ తినేసుకుపోతుంది. అందుకే సెల్ వోల్టేజీలను సన్నటి వైర్లతో అనుక్షణం చూస్తుండాలి. ఆ వైర్లలో ఒకటి ఊడిందనుకోండి, కంట్రోలర్‌కు కనిపించేది సున్నానే. సెల్ చచ్చిపోతోందా, వైరు ఊడిందా అన్నది దానికి తెలియదు. తెలియనప్పుడు ఆపేయమనే దానికి నేర్పుతారు, అలా నేర్పడమే న్యాయం. సిలిండర్ వాల్వు కూడా కరెంటు ఉన్నంతసేపే తెరుచుకుని ఉంటుంది, కరెంటు పోగానే తనంతట తనే మూసుకుంటుంది. పెట్రోలు కారులో ఒక టెంపరేచర్ సెన్సర్ పోయినా డ్రైవరు ఎలాగోలా ఈడ్చుకొస్తాడు. ఇక్కడ ఒక పిన్ను కదిలితే కారు ట్రాక్ మధ్యలో చతికిలబడుతుంది.

ఆ పిన్ను కదలడానికి పెద్ద కుదుపు కూడా అక్కర్లేదు. తగరం పూత ఉన్న పిన్నులు అదురుకు ఒకదాని మీద ఒకటి మైక్రాన్ల మేర రాసుకుంటూ ఉంటే చాలు, ఆ చోట ఆక్సైడ్ పొర పేరుకుని రెసిస్టెన్సు పెరుగుతుంది. కారును పిట్‌లోకి తోసి, కనెక్టర్ ఊడదీసి మళ్లీ పెడితే ఆ పొర చెరిగిపోతుంది, అంతా బాగుంటుంది! రిమోట్‌ను అరచేతిలో రెండు దెబ్బలు కొడితే టీవీ పలికినట్టే. అంతా బాగుందని మళ్లీ ట్రాక్ మీదికి పంపితే రెండో ల్యాపులో అదే కథ. ఇలాంటి దొంగ లోపాన్ని నిలబెట్టి చూస్తే పట్టుకోలేం. కంట్రోలర్ డేటాను రికార్డు చేస్తూ, హార్నెస్‌ను అంగుళం అంగుళం చేత్తో వంచి, ఊపి చూడాలి. బంగారు పూత పిన్నులు, తాళం పడే కనెక్టర్లు, కనెక్టర్‌కు దగ్గరలోనే వైరును చట్రానికి కట్టేయడం... వీటికి పెట్టే డబ్బు వృథా కాదు.

ఇంకో చిత్రమైన లోపం ఉంది. స్టాక్‌ను చల్లబరిచే ద్రవం విద్యుత్తును దాదాపు పారనివ్వకూడదు. పైపుల నుంచి, రేడియేటర్ నుంచి అయాన్లు దానిలోకి దిగేకొద్దీ అది కరెంటును పారనిస్తుంది. అప్పుడు ఇన్సులేషన్‌ను కాపలా కాసే పరికరం, కారు బాడీకి కరెంటు కారుతోందంటూ అన్నీ ఆపేస్తుంది. పిల్లలు రాత్రంతా వైర్లు తడుముతూ ఉంటారు. లోపం వైర్లలో ఉంటే కదా, నీళ్లలో ఉంది! అయాన్లను పట్టే ఫిల్టర్ మారిస్తే సరి.

విద్యార్థుల బృందానికి మరో చిక్కు, మనుషులు మారిపోవడం. డెల్ఫ్ట్‌లో చాలామంది ఒక ఏడాది చదువు పక్కన పెట్టి ఈ పనిలో దిగుతారు, ఏడాది కాగానే మళ్లీ క్లాసులకు పోతారు. ఫలానా వైరు ఎటు పోతుందో ఒక్కడి బుర్రలోనే ఉంటే ఆ తెలివి కూడా వాడితోనే వెళ్లిపోతుంది. రెండు చివరలా లేబుల్, మార్చిన రోజే దిద్దిన డ్రాయింగు ఉండాలి. ఖరీదైన చిప్ కంటే వీటినే నేను ముందు అడుగుతాను.

ప్రశ్న: చిన్న స్పార్కు వచ్చినా హైడ్రోజన్ కారు పేలిపోదా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: భయం అర్థం లేనిది కాదు. గాలిలో 4 నుంచి 75 శాతం దాకా హైడ్రోజన్ కలిస్తే అంటుకుంటుంది, అందుకు 0.02 మిల్లీజౌల్ శక్తి చాలు. కానీ అది గాలి కంటే సుమారు 14 రెట్లు తేలిక. దారి ఉంటే చటుక్కున పైకి ఎగిరిపోతుంది. అందుకే పైభాగంలో గాలి ఆడేలా కట్టి, అక్కడే గ్యాస్ సెన్సర్ పెడతారు, స్పార్కు వచ్చే రిలేలను దూరంగా ఉంచుతారు. ఆ సెన్సర్‌కూ వైరు ఉంటుంది లెండి, అది ఊడినా కారు ఆగుతుంది.

ప్రశ్న: మాది విద్యార్థుల కార్ల పోటీ ఫార్ములా భారత్‌కు సిద్ధమవుతున్న ఎలక్ట్రిక్ కారు. మోటారు తిరగగానే క్యాన్ బస్‌లో (కారులోని కంట్రోలర్లు మాట్లాడుకునే రెండు వైర్ల లైనులో) మెసేజీలు చేరకుండా పోతున్నాయి. వైర్లకు గట్టిగా సాల్డరింగ్ కూడా చేశాం.
– బీటెక్ విద్యార్థి, వరంగల్

జవాబు: ఆ సాల్డరింగే నాకు నచ్చలేదు బాబూ. కరిగిన సాల్డర్ వైరు పోగుల్లోకి పాకి కొంతమేర గట్టి పుల్లలా చేస్తుంది. అదురుకు ఆ గట్టి భాగం ముగిసేచోటే పోగులు తెగుతాయి. పిన్నును వైరు మీద నొక్కి బిగించే క్రింపింగ్ టూల్, ఆ పిన్నుకు సరిపడేది, అరువైనా తెచ్చుకోండి. కటింగ్ ప్లయర్‌తో నొక్కేది క్రింపింగ్ కాదు.

ఇక క్యాన్. కరెంటు పూర్తిగా ఆపి, ఆ లైనులోని హై, లో అనే రెండు వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టండి. రెండు చివర్ల 120 ఓముల రెసిస్టర్లు ఉంటే 60 చూపాలి. 120 చూపితే ఒకటి పోయింది. 40 చూపితే మీలో ఎవరో మూడోది పెట్టారు. 60 చూపినా మెసేజీలు చేరకుండా పోతుంటే ఆ రెండు వైర్లు ఒకదానితో ఒకటి మెలి తిరిగి ఉన్నాయా, మోటారు కేబుళ్లను ఆనుకుని పోతున్నాయా చూడండి. ఆనుకుని ఉంటే విడదీసి వేరే దారిన తీసుకెళ్లండి. దాటక తప్పని చోట అడ్డంగా, 90 డిగ్రీల్లో దాటించండి.