పిలిచిందెవరు? – ఇండికేటర్ బోర్డు మీద వ్యాసం రాస్తున్న యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు పెన్సిలు చేతిలో ఉంది కాబట్టి అంచులన్నీ నల్లబడ్డాయి, ఏమీ అనుకోకు. పెద్ద ఇళ్లలో, హోటళ్లలో ఏ గదివారు పిలిచారో పనివాళ్లకు చూపించిన తొలినాటి విద్యుదయస్కాంత సూచికల గురించి తెలుగులో ఒకరు ఇంత శ్రద్ధగా రాయడం నాకు సంతోషం కలిగించింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం చేసి, ఆ పక్కనే సైన్సు వ్యాసాలు రాసుకుంటూ వచ్చిన నాకు ఈ వస్తువుతో పాత చుట్టరికం ఉంది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

ముందు పేరు సంగతి చూద్దాం. దీన్ని నువ్వు ‘ఆహ్వాన సూచక ఫలక యంత్రం’ అన్నావు. అలా అంటే పెళ్లి శుభలేఖలు అచ్చువేసే యంత్రం కాబోలని చదివేవాళ్లు అనుకునే ప్రమాదం ఉంది. ఇంగ్లండులో దీన్ని ఇండికేటర్ అన్నారు, అమెరికాలో అనన్సియేటర్ అన్నారు. మన పాఠకుడికి ఇండికేటర్ అనే మాట స్కూటరు నడిపే ప్రతివాడి నోటా ఉన్నదే కనుక ‘ఇండికేటర్ బోర్డు’ అని మొదటే చెప్పేసి, ఆ తరవాత ‘బోర్డు’ అంటే చాలు. లోపలి భాగాలకు మాత్రం మంచి తెలుగు మాటలే ఉన్నాయి: రేకు, కొక్కెం, తీగ చుట్ట, మీట. వాటిని దాటి సంస్కృత నిఘంటువు దాకా వెళ్లకు.

నీ వ్యాసం 1820లో కోపెన్‌హాగెన్‌లో ఓయర్‌స్టెడ్ అనే శాస్త్రవేత్త తీగలో కరెంటు పంపితే దిక్సూచి ముల్లు కదిలిందన్న సంగతితో మొదలవుతుంది. అది నిజమే, కానీ పాఠకుడికి ఆ ముల్లు ఎందుకు కదలాలో ఇంకా తెలియదు. నేనైతే గంటతో మొదలుపెడతాను. కరెంటు గంటలు రాకముందు ఇంగ్లండులోని సంపన్నుల ఇళ్లలో ఒక్కొక్క గది నుంచి రాగి తీగ గోడల వెంట, మూలమూలకూ ఒక మడత మీటను తిప్పుకుంటూ, కింద పనివాళ్ల నడవా దాకా వచ్చేది. గదిలో పిడి లాగితే అక్కడ చుట్టలా వంచిన స్ప్రింగు పట్టీకి వేలాడే గంట మోగేది. గదికొక గంట కనుక అవన్నీ వరసగా గోడ మీద ఉండేవి. గంట చప్పుడు ఆగాక కూడా స్ప్రింగు కాసేపు ఊగుతూ ఉండేది కనుక, పరుగెత్తుకొచ్చిన మనిషి ఊగుతున్న దాన్ని చూసి ఏ గదో తెలుసుకునేవాడు. గంటల పరిమాణాలు వేరువేరుగా ఉండటం వల్ల, అలవాటైన చెవికి గోడ వైపు చూడాల్సిన పని కూడా ఉండేది కాదు. మెడగంటల చప్పుడు విని వీధిలో వెళ్తున్నది ఎవరి బండో చెప్పగలిగిన మన పల్లె పెద్దల నేర్పు లాంటిదే అది. ఈ పేరా నీ వ్యాసంలో లేదు. ఇది లేకపోతే తరవాత వచ్చిన బోర్డు ఏ లోటును తీర్చిందో, ఏ నేర్పును అక్కర లేకుండా చేసిందో పాఠకుడికి అందదు.

పదిహేను గదుల ఇంటికి ఆ ఏర్పాటు బాగానే సాగింది. 1829లో బోస్టన్‌లో తెరిచిన ట్రెమాంట్ హౌస్ లాంటి, 170 గదుల హోటల్‌ను ఊహించుకో. గదికొక గంట చొప్పున గోడకు తగిలించి, చెవితో గుర్తుపట్టమంటే ఎవరి తరమూ కాదు. తీగలు సాగుతాయి, మూలల్లో మీటలు బిగుసుకుపోతాయి, నాలుగో అంతస్తులో లాగిన లాగుడు కిందికి వచ్చేసరికి సగమవుతుంది. అప్పుడు పాఠకుడికి ప్రశ్న దానంతట అదే పుడుతుంది: గంట ఒక్కటే ఉంటూ, పిలిచిందెవరో చెప్పేది వేరే ఉంటే? వ్యాసానికి గుమ్మం అక్కడ పెట్టు. ఓయర్‌స్టెడ్ ఆ గుమ్మం దాటాక రావచ్చు.

ఇక అసలు తప్పు దగ్గరికి వస్తాను. బోర్డులో గదికొక అంకె, దాన్ని కప్పుతూ ఒక రేకు ఉంటాయి. రెండో పుటలో ‘బొత్తాం నొక్కగానే అయస్కాంతం రేకును బలంగా కిందికి లాగి అంకెను చూపిస్తుంది’ అని రాశావు. ఈ వాక్యం కొట్టివేయి. అయస్కాంతం రేకును లాగదు. రేకు తన బరువుతో తానే పడుతుంది. అది పడకుండా ఒక చిన్న కొక్కెం పట్టుకుని ఉంటుంది. కరెంటు వచ్చిన క్షణంలో అయస్కాంతం ఆ కొక్కెం తోకకున్న ఇనుప బిళ్లను వెంట్రుకవాసి దూరం లాగుతుంది, పట్టు తప్పుతుంది, మిగిలిన పనంతా భూమ్యాకర్షణదే. ఒకటిన్నర వోల్టు ఘటాలు, అంటే బ్యాటరీ సెల్లులు, నాలుగైదు పెట్టుకుని, భవనం పొడుగునా పరచిన సన్నని తీగల గుండా వచ్చిన నీరసమైన కరెంటుతో ఈ పని ఎలా జరిగిందన్న ఆశ్చర్యానికి జవాబు ఇందులోనే ఉంది. పని చేయాల్సిన శక్తిని మనిషి ముందే రేకును పైకెత్తినప్పుడు దాచిపెట్టాడు. కరెంటుకు అనుమతి ఇచ్చే పని ఒక్కటే మిగిలింది. పరికరాల గురించి రాసేటప్పుడు ప్రతి కదలిక దగ్గరా ఆగి, ఇక్కడ బలం ఎవరిది, సెలవు ఎవరిది అని అడుగు. నీ వ్యాసంలో ఆ ప్రశ్న వేయకుండా దాటిన చోట్లు మూడున్నాయి, పెన్సిలుతో గుర్తుపెట్టాను.

అయస్కాంతం చరిత్ర రాసిన పేరా కుదించు. 1825 ప్రాంతంలో స్టర్జన్ అనే ఇంగ్లీషాయన ఇనుప లాడానికి తీగ చుట్టి, ఏడు ఔన్సుల ఆ ముక్కతో తొమ్మిది పౌన్ల బరువు ఎత్తించాడు. తీగకు తొడుగు లేకపోవడంతో చుట్లు ఎడం ఎడంగా వేయాల్సి వచ్చింది. అమెరికాలో ఆల్బనీలో పాఠాలు చెప్పే జోసెఫ్ హెన్రీ తీగకే పట్టు చుట్టి, చుట్టు మీద చుట్టు వేసి, మైలుకు పైగా తీగ అవతల నుంచి 1831లో గంట కొట్టించాడు. మన కథకు కావలసింది ఆ రెండో మనిషే, ఎందుకంటే దూరాన ఉన్న బలహీనమైన కరెంటు చేత పని చేయించాలంటే ఎక్కువ చుట్లున్న చుట్ట కావాలని చూపింది ఆయనే. అయితే ‘ఇండికేటర్‌ను హెన్రీ కనిపెట్టాడు’ అన్న నీ మాట తీసేయి. ఆయన కొట్టించింది గంట, అది పిలిచినవారి పేరు చెప్పలేదు. ఈ బోర్డుకు ఒక్క తండ్రిని వెతకకు. గంటలు బిగించేవాళ్లు, టెలిగ్రాఫు పనిముట్లు చేసేవాళ్లు, హోటళ్ల యజమానులు కలిసి మెల్లమెల్లగా కుదుర్చుకున్న వస్తువిది.

1866లో ఫ్రెంచి ఇంజనీరు లెక్లాంషే చేసిన ఘటానికి నువ్వు ఒక్క వాక్యమే ఇచ్చావు, దానికి నేనైతే ఒక పేరా ఇస్తాను. అంతకుముందు వాడిన ఘటాలు ఊరికే ఉన్నా తరిగిపోయేవి, వాటికి ఒక మనిషి కాపలా ఉండాలి. లెక్లాంషే ఘటంలో జింకు కడ్డీ, మట్టి కుండలో మాంగనీసు డయాక్సైడ్‌తో కూరిన బొగ్గు పలక, నవాసారం కలిపిన నీళ్లు ఉంటాయి. నవాసారం అంటే అమ్మోనియం క్లోరైడ్, ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్ల దగ్గర మన అమ్మమ్మలు చూసిన ఉప్పే. ఆ ఘటాన్ని ఆపకుండా వాడితే త్వరగా నీరసపడుతుంది, కాసేపు వదిలేస్తే తేరుకుంటుంది. గది గంటకు కావలసింది సరిగ్గా ఆ స్వభావమే: రోజంతా కలిపి పని కొన్ని నిమిషాలు, మిగిలినదంతా విశ్రాంతి. అప్పుడప్పుడు నీళ్లు పోసి, ఉప్పు వేస్తే నెలల తరబడి అలమారలో పడి ఉంటుంది. విద్యుత్ దీపాలు లేని ఇళ్లలోకి కూడా కరెంటు గంట ముందే వెళ్లిందంటే కారణం ఈ ఘటాలే.

నీ బొమ్మ కూడా మార్చాలి. గదికి రెండేసి తీగలు, గదికొక బ్యాటరీ గీశావు. అలా చేస్తే ఇరవై గదులకు నలభై తీగలు అవుతాయి. అసలు ఏర్పాటు వేరు. బ్యాటరీ ఒక కొస నుంచి బయలుదేరిన ఒకే తీగ అన్ని గదుల బొత్తాలనూ పలకరిస్తూ పోతుంది. ప్రతి బొత్తాం నుంచి ఒక్కొక్క తీగ బోర్డులో తనకున్న చుట్టకు వస్తుంది. చుట్టల రెండో కొసలన్నీ ఒకచోట కలిసి, ఒకే గంట గుండా బ్యాటరీ రెండో కొసకు చేరతాయి. ఇరవై గదులకు ఇరవైఒక్క తీగలతో సరిపోతుంది. ఎవరు నొక్కినా మోగేది ఆ గంటే, కదిలేది మాత్రం వారి అంకె ఒక్కటే. ఈ బొమ్మ సరిగ్గా పడితే వ్యాసంలో సగం మాటలు అక్కర్లేదు.

బోర్డుల్లో రకాలను నువ్వు పట్టికలా వేశావు, వాటిని కథలోకి తీసుకురా. పడే రేకుకు ఒక గుణం ఉంది, అదే దాని దోషం కూడా: ఎవరో వచ్చి పైకెత్తే దాకా అది పడే ఉంటుంది. పనివాడు పెరట్లో ఉన్నా పిలుపు చెరిగిపోదు. కానీ వాడు వెళ్లి పని చేసి, రేకు ఎత్తడం మరిచిపోతే, మళ్లీ గంట మోగినప్పుడు పడి ఉన్న రెండు రేకుల్లో కొత్తది ఏదో తెలియదు, అదే గదివారు మళ్లీ పిలిస్తే కొత్తగా పడటానికి రేకే లేదు. అందుకే లోలకం రకం వచ్చింది. అందులో చుట్ట ఒక చిన్న జెండాను లాగి వదులుతుంది, అది కాసేపు ఊగి తనంతట తానే ఆగుతుంది. ఎత్తే పని లేదు, అయితే ఆ కాసేపట్లో చూడకపోతే పిలుపు ఆనవాలే మిగలదు. పాత స్ప్రింగు గంట ఊగిసలాటే కొత్త వేషంలో వచ్చిందని నీకు తట్టిందా? తరవాత రేకుకు రెండు చుట్టలు పెట్టి, ఒకటి చూపడానికి, ఒకటి దూరం నుంచి బొత్తాంతో దాచడానికి వాడారు. ఆ సంగతి ఒక్క వాక్యంలో సరిపోతుంది.

ఈ మరపు సంగతి నాకు అనుభవం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను ఒక చిన్న ఊరి ఎక్స్ఛేంజీలో యాభై లైన్ల మాగ్నెటో బోర్డు ముందు కూర్చోబెట్టారు. చందాదారు తన ఇంట్లో ఫోను పిడి తిప్పితే మా బోర్డు మీద ఆయన అంకె ముందున్న రేకు టక్కున పడేది. హోటల్ బోర్డులో పడే రేకుకు అది తమ్ముడే. బోస్టన్‌లో దొంగల అలారం తీగలు నడిపిన హోమ్స్ 1877లో పగటిపూట ఆ తీగల మీదే టెలిఫోన్లు కలిపాడని తరవాత చదివినప్పుడు ఈ బంధుత్వం నాకు బాగా అర్థమైంది. ఒక మధ్యాహ్నం నేను ఒక రేకు ఎత్తడం మరిచిపోయాను. ఆ ఇంటివారు ఎంతసేపు పిడి తిప్పినా నాకు కనిపించలేదు, ఎందుకంటే పడాల్సినది అప్పటికే పడి ఉంది. సాయంత్రం ఆ పెద్దాయన స్వయంగా నడిచి వచ్చి కిటికీ దగ్గర నిలబడి, “బాబూ, మా ఇంటి రేకు ఎత్తుతావా?” అన్నాడు. ఆయనకు రేకు సంగతి తెలుసునని అప్పుడే తెలిసింది. రాత్రిపూట కునుకు పట్టినా ఫరవాలేకుండా, పడిన రేకు ఒక చిన్న లోహపు ముక్కను తాకి విడి గంటను మోగిస్తూనే ఉండే ఏర్పాటు ఉండేది. ఉరుముల వానలో ఎవరూ పిలవకుండానే పది రేకులు ఒకేసారి పడేవి. ఆకాశం మమ్మల్ని పిలిచిందని సీనియర్లు నవ్వేవారు.

ఈ కథను నీ వ్యాసంలో పెట్టుకోమని అనడం లేదు, నీది నువ్వు సంపాదించుకో. అంగుళంన్నర ఇనుప బోల్టుకు ఎనామిల్ రాగి తీగ రెండు మూడు వందల చుట్లు వేయి. డబ్బా మూత రేకుతో బిళ్ల, కొక్కెం, పడే పలక చేసుకో. రెండు టార్చి సెల్లులు చాలు. మొదటిసారి పడుతుంది, తరవాత కొక్కెం బిళ్ల బోల్టుకే అంటుకుని వెనక్కి రాకపోవచ్చు. బజారు బోల్టు మెత్తని ఇనుము కాదు, కరెంటు పోయినా కొంత అయస్కాంతం దానిలో మిగిలిపోతుంది. బోల్టు తల మీద చిన్న కాగితం ముక్క అంటించు, వదిలేస్తుంది. ఆనాటి పనివాళ్లు అదే పనికి బిళ్లలో ఇత్తడి మేకు దిగ్గొట్టేవారు, లోపలి ఇనుమును బాగా కాల్చి నెమ్మదిగా చల్లార్చి మెత్తబరిచేవారు. ‘అవశేష అయస్కాంతత్వం’ అని నువ్వు మూడుచోట్ల రాసిన మాట, ఆ కాగితం ముక్క అంటించాక ఒక్కచోట రాస్తే సరిపోతుందని నీకే తోస్తుంది.

ఒక పక్క మాట. ఫ్రాన్సులో ఇంద్రజాలికుడు రాబర్ట్ హూడిన్ రంగస్థలం మానుకుని బ్లోవా దగ్గర ఊళ్లో కాపురం ఉన్నప్పుడు, తోట గేటు తెరిచినప్పుడూ మూసినప్పుడూ ఇంట్లో గంట మోగేలా పెట్టుకున్నాడు. ఆ రెండు మోతల మధ్య ఎడం ఎక్కువైతే వచ్చింది ఒక్కరు కారు, పలువురని లోపలివాళ్లు లెక్కపెట్టేవారు. బోర్డు లేకుండానే గంట చేత కబురు చెప్పించాడన్నమాట. నీ వ్యాసంలో దీనికి చోటు చేస్తావా లేదా అన్నది నీ ఇష్టం, నేను మాత్రం వదలలేను.

‘విప్లవాత్మకమైన’ అన్న మాట ఐదుచోట్ల ఉంది, ఐదూ తీసేయి. దాని బదులు ఆ నడవాలో నిలబడిన మనిషిని ఒక్కసారి చూపించు. నేర్చిన చెవితో గంటను గుర్తుపట్టిన మనిషి స్థానంలో ఇప్పుడు ఏ కొత్త కుర్రవాడైనా సరే, అంకెలు చదవగలిగితే చాలు. యజమానికి అది సౌకర్యం, పాత పనివాడికి అది ఏమిటో నువ్వు తీర్పు చెప్పనక్కర్లేదు, పక్కపక్కన పెట్టి వదులు.

సవరించిన ప్రతి పంపేటప్పుడు కొక్కెం బొమ్మ పెద్దదిగా గీసి పంపు. రేకుకు మడతబందు కింద ఉండాలి, కొక్కెం పైన పట్టుకోవాలి. నీ బొమ్మలో రెండూ పైనే ఉన్నాయి, అలా ఉంటే ఆ రేకు ఎప్పటికీ పడదు.

ఆశీస్సులతో,
నీ పెద్దాయన