యారాడ కొండ చూడబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

నీ మెసేజ్ చూశాను. వైజాగ్ వచ్చి ఆరు నెలలైనా యారాడ కొండ సముద్రంలోకి ముక్కులా చొచ్చుకొచ్చిన డాల్ఫిన్స్ నోస్‌ని బీచ్ రోడ్డు మీంచి చూడడమే తప్ప దగ్గరికి వెళ్లలేదని, వచ్చే ఆదివారం యారాడ వెళ్లి అక్కడి జీవాలన్నీ చూడాలనుందని రాశావు. నలభై ఏళ్లుగా ఆ రాళ్ల మీద తిరిగినవాణ్ణి. ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోవడం నా వల్ల కాలేదు, అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆ ఆదివారం సంగతి మర్చిపో. అక్కడికి ఏ రోజు వెళ్లాలో సముద్రాన్ని అడగాలి, ఆఫీసు సెలవుని కాదు. రోజుకి రెండుసార్లు నీళ్లు పైకి వస్తాయి, అది పోటు; రెండుసార్లు వెనక్కి తగ్గుతాయి, అది పాటు. ఏ రోజుకారోజు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. అమావాస్యకీ పౌర్ణమికీ అటూ ఇటూ రెండు మూడు రోజులు నీళ్లు బాగా లోపలికి లాగుతాయి. మిగతా రోజుల్లో కనిపించని రాళ్లు అప్పుడే బయటపడతాయి. గుజరాత్‌లో ఖంభాత్ వైపు పోటుకీ పాటుకీ మధ్య తేడా పది మీటర్ల దాకా ఉంటుందట. మన దగ్గర ఎంత పెద్ద పోటైనా ఆ తేడా మనిషి ఎత్తు ఉండదు. అంటే మనకి దొరికే సమయం, చోటు రెండూ తక్కువే. పోటు, పాటు వేళల పట్టిక, టైడ్ టేబుల్, ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. పాటు అడుగంటే టైముకి గంట ముందు రాళ్ల దగ్గర ఉండు. నీళ్లు తిరగడం మొదలవగానే ఇసుక మీదికి వచ్చెయ్. ఇంకో పది నిమిషాలు అనుకోకు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా కెరటాలు పెద్దవి, అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. డిసెంబరు నుంచి మార్చి వరకు మంచి కాలం. అప్పుడైనా బయల్దేరే ముందు సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ వాళ్లు ఇచ్చే పెద్ద అలల హెచ్చరికలు చూసుకో. ఆ సంస్థ ఉన్నది మీ హైదరాబాద్‌లోనే.

సింధియా దాటి ఘాట్ రోడ్డు ఎక్కితే మలుపు దగ్గర ఒక్కసారిగా సముద్రం కనిపిస్తుంది. అక్కడ బండి ఆపి రోడ్డు కోసిన చోట కొండని చూడు. ఎర్రగా, పొరలు పొరలుగా, గోటితో గీకితే రాలిపోయేలా ఉంటుంది. దీన్ని ఖోండలైట్ అంటారు. ఒడిశా కొండల్లో ఉండే ఖోండుల పేరు మీద 1902లో పెట్టిన పేరు. సింహాచలం కొండా ఇదే రాయి, కోణార్క గుడి కట్టిందీ ఈ రాతితోనే. ఒకప్పుడు ఇది నీటి అడుగున పేరుకున్న బురద. సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ రాయిగా మారింది. ఆ రోజుల్లో దీని పక్కన బంగాళాఖాతం లేదు, ఇప్పటి అంటార్కిటికా నేల ఉండేది. అక్కడా ఇలాంటి రాళ్లే ఉన్నాయి. ఇది తెలిశాక ఆ కొండ మీద చెయ్యి పెట్టినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. కింద ఇసుకలో ఎరుపు, నలుపు చారలు చూస్తావు కదా, ఎర్రవి ఈ రాయి అరిగి రాలిన గార్నెట్ గింజలు. నల్లవాటిలో ఎక్కువ భాగం ఇల్మనైట్.

ఈ కొండ అలా ముందుకి చొచ్చుకొచ్చి ఉండబట్టే 1933లో తెరిచిన రేవుకి చాటు దొరికింది. కానీ కొండ ఇసుకకి కూడా అడ్డమే. ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తాయి. కొండ, రేవు కలిసి దాన్ని ఆపేస్తే అవతల ఆర్కే బీచ్‌కి చేరే ఇసుక తగ్గిపోతుంది. అందుకే రేవు దగ్గర ఆగిన ఇసుకని తవ్వి పైపుల్లో ఆర్కే బీచ్‌కి పంపుతుంటారు. నువ్వు సాయంత్రాలు నడిచే ఇసుక అలా వచ్చిందే కావచ్చు.

ముక్కు కొస దాకా వెళ్లాలని పట్టుబట్టకు. ఆ కొండలో చాలా భాగం నేవీ అధీనంలో ఉంది. బోర్డు కనిపించిన చోట ఆగు, అటువైపు కెమెరా తిప్పకు. నీకు కావలసిందంతా యారాడ బీచ్ చివర రాళ్లలోనే ఉంది.

రాళ్ల మీదికి దిగేముందు పావుగంట కదలకుండా కూర్చుని అలలు ఎక్కడి దాకా వస్తున్నాయో చూడు. తడిసి నల్లగా ఉన్న గీత కంటే కిందికి ఒంటరిగా దిగొద్దు. సముద్రానికి వీపు చూపించొద్దు. నేను ముప్పై ఏళ్ల వయసులో ఒక గుంట ముందు కూర్చుని వీపు తిప్పాను. ఎక్కడినుంచి వచ్చిందో ఒక కెరటం నన్ను రెండు బారలు ఈడ్చుకుపోయింది. కళ్లజోడు పోయింది, మోకాలి నుంచి పాదం దాకా చర్మం లేచిపోయింది. ఆ మచ్చ నువ్వు చిన్నప్పుడు చూసి అడిగేదానివి. నన్ను కోసింది రాయి కాదు, రాయికి అతుక్కున్న బార్నకిల్స్ అనే చిన్న పెంకు జీవాలు, ఆల్చిప్పలు. కత్తుల్లా ఉంటాయి. అందుకని చెప్పులతో రావద్దు. పాత కాన్వాస్ బూట్లు, మోకాలి కింద దాకా ఉండే ప్యాంటు వేసుకో. పచ్చటి నాచు ఉన్న రాయి మీద అడుగు వెయ్యకు. నీళ్లలోకి ఈతకి అసలు దిగకు, యారాడలో లోపలికి లాగే ప్రవాహాలు ప్రాణాలు తీశాయి.

ఇక అన్నీ చూడాలన్నావు చూడు, అక్కడే నీతో నాకు పేచీ. అన్నీ చూడాలనుకున్నవాళ్లకి ఏమీ కనిపించదు. పళ్లెం అంత నీటిగుంట ఒకటి ఎంచుకో. నీ నీడ దాని మీద పడకుండా కూర్చో. మొదటి ఐదు నిమిషాలు ఉత్త నీళ్లే. తర్వాత ఒక గవ్వ నడవడం మొదలుపెడుతుంది. దాన్లో ఉన్నది నత్త కాదు, చచ్చిన నత్త వదిలేసిన పెంకులో కాపురం పెట్టిన పీత. దాని పక్కన పువ్వు అనుకున్నది మెల్లగా ముడుచుకుంటుంది. అది సీ అనిమోన్, ఆ రేకులతో చిన్న చేపల్ని కుట్టి పట్టే జంతువు. రాతి సందులో నల్లటి ముళ్ల బంతి కదులుతుంది, అది సీ అర్చిన్ అనే జంతువు. అరగంట కూర్చుంటే అదృష్టం బాగున్న రోజు రాయి రంగులోనే ఉన్న చిన్న ఆక్టోపస్ కన్ను తెరిచి నీవైపు చూస్తుంది. నాకు నలభై ఏళ్లలో నాలుగైదుసార్లే కనిపించింది.

ఏదీ చేత్తో ముట్టకు. కోను ఆకారంలో ఉండే అందమైన గవ్వలు కొన్నిటిలో ప్రాణం తీసేంత విషం ఉంటుంది. చిన్న రాయి ఎత్తి చూస్తే మళ్లీ అదే చోట, అదే వైపు పెట్టు. దాని అడుగున బతికేవి ఎండ తగిలితే చచ్చిపోతాయి. గవ్వలు ఏరి ఇంటికి తెచ్చుకోకు, ఖాళీవి కూడా. చిన్నప్పుడు నేనొక మంచి గవ్వ తెచ్చి అలమరలో దాచుకున్నాను. మూడోనాటికి వాసన వచ్చింది. లోపల ఆ పీత చచ్చి ఉంది. అమ్మ ఏమీ అనలేదు కానీ నాకు చాలా రోజులు అన్నం సయించలేదు.

గుంట దగ్గర మెడ నొప్పి పుడితే పైకి చూడు. తెల్లటి తల, ఇటుకరంగు రెక్కలతో గరుడ పక్షి కొండ అంచు గాలిలో రెక్క ఆడించకుండా తేలుతుంటుంది. చలికాలంలో రాళ్ల మీద తోక ఎగరేస్తూ పరుగెత్తే ఉల్లంకి పిట్ట ఉత్తరాది దేశాల నుంచి వచ్చిన అతిథి. ఇసుక ఒడ్డున గుండ్రటి ముళ్ల బంతుల గడ్డి ఉంటుంది, రావణాసురుడి మీసాలు అంటారు. మేక గిట్టలా చీలిన ఆకుల తీగకి ఊదా పువ్వులు. ఈ రెండూ ఇసుకని పట్టి ఉంచుతాయి, తొక్కకు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక ఈ కొండలు మంటల్లో కాలినట్టు గోధుమరంగుకి మారిపోయాయి. కొండ చూసి ఏడ్చాను. వానలు పడ్డాక మొదళ్ల నుంచి చిగురు వచ్చింది.

జనవరి నుంచి మార్చి మధ్య రాత్రివేళ ఆలివ్ రిడ్లే తాబేళ్లు విశాఖ తీరంలో గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో వందకి పైగా. పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఇసుక వేడిని బట్టి ఆడో మగో అవుతాయి. తెల్లారుజామున ఇసుకలో ట్రాక్టరు చక్రం లాంటి జాడ కనిపిస్తే దాన్ని దాటకుండా పక్కకి జరిగి, అటవీశాఖ వాళ్లకి చెప్పు. టార్చి, ఫ్లాష్ వెయ్యకు. పిల్లలు వెలుతురున్న వైపే నడుస్తాయి. వాటికి సముద్రమే వెలుగుగా కనిపించాలి, నీ ఫోను కాదు.

ఒక చిన్న నోటుబుక్కు తెచ్చుకో. తేదీ, తిథి, పాటు టైము, ఒకే గుంటలో ఏం చూశావో రాయి. వచ్చే అమావాస్యకి మళ్లీ అదే గుంట దగ్గరికి వెళ్లు.

ఈ అమావాస్య ఎల్లుండే. టైము చూసి చెబుతాను, నువ్వు ఆఫీసులో ఒక పూట సెలవు అడుగు. నేను రాళ్ల మీదికి దిగలేను కానీ ఇసుకలో కూర్చుని నీ వీపు వెనకాల కెరటాలు చూస్తుంటాను. అత్తయ్య పులిహోర కట్టిస్తానంది.

మీ మావయ్య