ఆఫీసు మెసేజీల తలనొప్పి: మా పల్ప్ ఫ్యాక్టరీలో పనికొచ్చిన మార్గం

తిరుపతిలో ఆఫీసు ఉద్యోగం, ఏడెనిమిది వాట్సాప్ గ్రూపులు, మెయిళ్ళు, హాజరు యాప్, రాత్రి పది దాటినా బాస్ మెసేజీలు. ఫోన్ పక్కన పెడితే భయం, చూస్తే తలనొప్పి, ఏం చెయ్యాలి అని మీరు అడిగారు. ఫోన్ ఆఫ్ చేసెయ్యండి, ధ్యానం చెయ్యండి అని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది దొరుకుతారు. జీతమిచ్చేవాళ్ళు పిలిచే ఫోన్ ఎట్లా ఆఫ్ చేస్తామండీ?

నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో అకౌంట్సూ డిస్పాచూ చూస్తాను. జూన్, జూలైలో తోతాపురి సీజన్. గేటు బయట కాయల ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా వరస కట్టి ఉంటాయి. లోపల కాటా గ్రూపు, టోకెన్ల గ్రూపు, క్వాలిటీ వాళ్ళ గ్రూపు, లారీల గ్రూపు, అన్నిటికీ పైన ఓనర్ గారి గ్రూపు. కాటా చీటీ ఫోటో ఒకటే మూడు చోట్ల పడుతుంది, మళ్ళీ నాకు విడిగా. దాని కింద ‘ఓకే సార్’లు, దండాలు. మధ్యలో ఎవరో శ్రీవారి బొమ్మతో శుభోదయం పెడతారు. దేవుడి బొమ్మ పెట్టొద్దని మన ఊళ్ళో ఎవరికి చెప్పగలం!

వీటి మధ్యే నిజంగా ఆగలేని మెసేజ్ ఒకటుంటుంది. పల్ప్ డ్రమ్ములతో చెన్నై పోర్టుకి పోయే లారీ దారిలో చెడిపోయి సరుకు వేరే బండికి ఎక్కిస్తే, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఉండాల్సిన జీఎస్టీ పత్రం) పార్ట్-బిలో కొత్త బండి నంబరు మార్చాలి. మార్చకుండా పోతే చెకింగ్‌లో ఆపేస్తారు. ఆ నంబరు ఏ దండాల కింద పడి ఉంటుందో తెలీక రాత్రంతా అన్ని గ్రూపులూ చూస్తా ఉండేవాణ్ణి. మెసేజీలు వంద రానీండి, అందులో ముఖ్యమైంది ఏదో తెలీకపోవడమే మనిషిని తినేస్తుంది.

కాలిఫోర్నియా యూనివర్సిటీ (ఇర్విన్) ప్రొఫెసర్ గ్లోరియా మార్క్, మరికొందరు కలిసి 2008లో ఒక అధ్యయనం చేశారు. మధ్యమధ్యలో అంతరాయం కలిగినవాళ్ళు పని ఇంకా వేగంగానే ముగించారట, కానీ ఒత్తిడీ చిరాకూ పెరిగాయట. పైవాళ్ళకి మన కష్టం కనపడనిది ఇందుకే. పని అయిపోతా ఉంది కదా!

అందుకే సీజన్ మొదలుకాకముందే మేనేజర్ గారి దగ్గర కూర్చున్నా. ఒత్తిడి అనే మాటే ఎత్తలేదు, ఎత్తితే ‘మాకు లేదా?’ అంటారు. లారీ ఒక పూట ఆగితే ఎంత నష్టమో అక్కణ్ణుంచి మొదలుపెట్టా. చివరికి ఒప్పుకున్నది ఇంతే: బండి, డబ్బు, ప్రమాదం, ఈ మూడిటికీ ఫోన్ చెయ్యాలి. మెసేజ్ పెట్టి ‘చూడలేదా’ అనడానికి లేదు. కాటా లెక్కలు గూగుల్ షీట్‌లో ఎక్కించాలి. రోజు మొత్తం టన్నులెంతో, ఇంకా ఎన్ని ట్రాక్టర్లు ఆగి ఉన్నాయో సాయంత్రం ఏడింటికి నేనే ఓనర్ గారికి ఒక్క మెసేజ్ పెట్టాలి. చిత్రమేమంటే, ఆ ఏడు గంటల మెసేజ్ మొదలయ్యాక ఆయన రాత్రి అడగడం చాలా తగ్గించారు. లెక్క తెలీక అడిగేవారన్నమాట, మమ్మల్ని సతాయించాలని కాదు.

ఇది కుదిరాకే ఫోన్ సెట్టింగులు పనికొచ్చాయి. గ్రూపులన్నీ మ్యూట్. రాత్రిపూట డోంట్ డిస్టర్బ్, అందులో మేనేజర్, డిస్పాచ్ సూపర్‌వైజర్, ఇంట్లోవాళ్ళ కాల్స్‌కి మాత్రం అనుమతి. కొద్ది నిమిషాల్లోనే అదే నంబరు రెండోసారి చేస్తే మోగేలా కూడా పెట్టుకోవచ్చు. ముందు మాట కుదుర్చుకోకుండా మ్యూట్ చేస్తే, నా లెక్కన, భయం ఇంకా ఎక్కువవుతుంది.

ఫ్రాన్స్‌లో 2017 నుంచి, పని వేళలు దాటాక ఆఫీసు మెసేజీలకి దూరంగా ఉండే హక్కు చట్టంలోనే ఉంది. మన దగ్గర ఎంపీ సుప్రియా సూలే లోక్‌సభలో ఇట్లాంటి హక్కు కోసం ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టినా చట్టం కాలేదు. కాబట్టి మాట్లాడి సాధించుకోవాల్సిందే.

హాజరు యాప్‌కి నా దగ్గర మందు లేదు. ముఖం గుర్తుపట్టకపోతే స్క్రీన్‌షాట్ తీసి ఆ రోజే మెయిల్ పెట్టండి, నెలాఖరులో వాదన తప్పుతుంది. ఇంకొకటి, ఫోన్ మోగకపోయినా మోగినట్టు ఉలిక్కిపడడం, నిద్ర పట్టకపోవడం వారాల తరబడి ఉంటే మొహమాటం వద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి చెయ్యండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీకు రుయా ఆసుపత్రి కూడా దగ్గరే.

బాస్‌తో మాట్లాడేముందు ఒక వారం పాటు రాత్రి మెసేజీల్లో పొద్దున దాకా ఆగలేనివి ఏవో రాసుకోండి. ఆ కాగితంతోనే పోండి. మీది ఏం ఉద్యోగమో రాయలేదు. లాడ్జి కౌంటరో, ట్రావెల్సో అయితే బ్రహ్మోత్సవాలప్పుడు ఫోన్ ఎత్తడమే పని కాబట్టి ఇదంతా వేరే లెక్క. అక్కడ రాత్రి ఫోన్ ఎవరిదో వంతులేసుకోవడం గురించి అడగండి.